జీతం తీసుకునే మనిషి ఒకరు: క్యాంపస్‌లో ఎల్‌జీబీటీక్యూ సహాయ కేంద్రం ఎలా నిలబడుతుంది?

[తెరపై: నలుపు తెలుపు ఫొటోల వరుస. కింద అక్షరాలు: ఆన్ ఆర్బర్, మిషిగన్ రాష్ట్రం, అమెరికా]

వ్యాఖ్యాత:
నమస్కారం. గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల కోసం విశ్వవిద్యాలయంలో ఒక సహాయ కేంద్రం పెట్టాలనుకుందాం. ముందు ఏం కావాలి? గదా, బోర్డా, పదకొండు మంది సభ్యుల కమిటీయా? మన దగ్గరైతే ముందు కమిటీ వేస్తారు. నన్నడిగితే, నెలనెలా జీతం తీసుకుంటూ ఆ పనే చూసుకునే మనిషి ఒకరు కావాలి. ఎందుకో చెప్పడానికి మిమ్మల్ని యాభై ఏళ్లకు పైగా వెనక్కి తీసుకెళ్తాను.

1970. అమెరికా క్యాంపస్‌లు వియత్నాం యుద్ధ వ్యతిరేక ఉద్యమంతో అట్టుడుకుతున్నాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో డెట్రాయిట్ నగరంలోని కెనడీ స్క్వేర్‌లో యుద్ధ వ్యతిరేక సభ జరిగింది. జిమ్ టాయ్ అనే వ్యక్తి అక్కడ మైకు అందుకుని, తాను గే అని అందరి ముందూ చెప్పారు. తండ్రిది చైనా సంతతి, తల్లి శ్వేతజాతి అమెరికన్. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు నిండబోతున్నాయి. ఇది కుర్రతనపు దూకుడు కాదని గమనించండి.

అదే కాలంలో మిషిగన్ విశ్వవిద్యాలయంలోని గే హక్కుల సంఘం, గే లిబరేషన్ ఫ్రంట్, ఒక సదస్సు జరుపుకోవడానికి క్యాంపస్‌లో చోటు అడిగింది. అధ్యక్షుడు రాబెన్ ఫ్లెమింగ్ కుదరదన్నారు. విద్యార్థులు ఊరుకోలేదు. అడుగుతూనే ఉన్నారు, నిరసనలు చేస్తూనే ఉన్నారు. చివరికి 1971లో విశ్వవిద్యాలయం ఒక మెట్టు దిగింది.

[తెరపై: ఒక వృత్తం. అందులో పావు భాగం రంగు నిండుతుంది. తర్వాత ఇంకో పావు.]

ఒక్క మెట్టే. జిమ్ టాయ్‌ని, సింథియా గేర్‌ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. గే విద్యార్థుల తరఫున ఆయన, లెస్బియన్ విద్యార్థుల తరఫున ఆమె. ఒక్కొక్కరికీ పావు ఉద్యోగం! ఇద్దరినీ కలిపినా ఒక ఉద్యోగంలో సగం. ఆఫీసు పేరులో గే అనే మాటా లేదు, లెస్బియన్ అనే మాటా లేదు. ‘మానవ లైంగికత కార్యాలయం’ అని పెట్టారు. తర్వాతి కాలంలో పేరు పలుమార్లు మారి, ఇప్పుడు స్పెక్ట్రమ్ సెంటర్ అయింది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ తరహా కేంద్రాల్లో మొదటిది ఇదేనంటారు.

అప్పటి పరిస్థితి కూడా చూడండి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణను మానసిక రుగ్మతల జాబితాలోంచి తీసేసింది 1973 డిసెంబరులో. అంటే ఈ ఆఫీసు తెరిచేనాటికి వైద్యుల పుస్తకాల్లో అది జబ్బు. మిషిగన్ రాష్ట్ర చట్టంలో నేరం. అలాంటి చట్టాలన్నిటినీ అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది 2003లో. జబ్బు, నేరం అనే రెండు ముద్రలూ ఉండగానే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం జీతమిచ్చి మరీ ఇద్దరిని కూర్చోబెట్టింది. ‘చట్టం ఇంకా స్పష్టంగా లేదు, చూద్దాం’ అనే అధికారులకు ఈ తేదీలు వరుసగా చదివి వినిపించాలని నాకు మహా కోరిక.

ఆ పావు ఉద్యోగం ఏం సాధించింది? టాయ్ 1994 దాకా ఆ పనిలోనే ఉన్నారు. ఇరవై ఏళ్లకు పైగా! ఆ లోపు ఎన్ని తరాల విద్యార్థులు వచ్చి వెళ్లి ఉంటారో ఊహించండి. ఆయనా గేర్ కలిసి రాసిన ప్రకటనను, విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్ నగర సభ 1972లో ఆమోదించి గే ప్రైడ్ వారం ప్రకటించింది. 1974లో ఆ విశ్వవిద్యాలయ విద్యార్థిని క్యాథీ కొజాచెంకో, తాను లెస్బియన్ అని బహిరంగంగా చెప్పుకునే పోటీ చేసి, అదే నగర సభకు ఎన్నికయ్యారు.

విశ్వవిద్యాలయం మాత్రం అంత తొందరపడలేదు. లైంగిక ధోరణిని బట్టి వివక్ష చూపరాదని తన సొంత నిబంధనల్లో రాసుకోవడానికి 1993 దాకా ఆగింది. ఆఫీసు తెరిచాక ఇరవై రెండేళ్లు. ఏ విద్యార్థి సంఘమైనా ఇరవై రెండేళ్లు ఒకే డిమాండు పట్టుకుని ఉండగలదా? విద్యార్థులు నాలుగేళ్లకు వెళ్లిపోతారు. మన క్యాంపస్‌ల సంగతే తీసుకోండి. చురుకైన పిల్లలు రెండో ఏడాదిలో బృందం కడతారు, మూడో ఏడాది చివరికి ప్లేస్‌మెంట్ల హడావిడిలో పడతారు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ మారాడంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది. పాత ఫిర్యాదు ఏమైందో, డీన్ ఏ మాట ఇచ్చారో గుర్తుంచుకునే వాళ్లుండరు. ఆ జ్ఞాపకం ఉద్యోగి దగ్గరే నిలుస్తుంది, ఫైలుతో సహా.

[తెరపై: స్నాతకోత్సవ గౌన్ల వరుస. ఒకదాని మెడలో లేత ఊదారంగు తాడు.]

టాయ్ తర్వాత వచ్చిన డైరెక్టర్ రోనీ సాన్లో. లెస్బియన్ అన్న కారణంగా కన్నబిడ్డల స్నాతకోత్సవాలకే ఆమెను రానివ్వలేదు. ఆ బాధలోంచి 1995లో మిషిగన్‌లో ‘లావెండర్ గ్రాడ్యుయేషన్’, అంటే లేత ఊదారంగు స్నాతకోత్సవం, మొదలుపెట్టారు. ఇంటివాళ్లు రాని పిల్లలకు, వచ్చినా సగం మనసుతో వచ్చే పిల్లలకు, ప్రత్యేకంగా ఒక వేడుక. మొదటి ఏడాది పట్టా అందుకున్నది ముగ్గురు. ముగ్గురి కోసం వేడుక ఎందుకని ఏ ఆర్థిక విభాగమైనా అడుగుతుంది. ఇవాళ అమెరికాలో ఎన్నో విశ్వవిద్యాలయాలు ఈ వేడుక జరుపుతున్నాయి.

ఇక మన దగ్గరికి వద్దాం.

[తెరపై: తేదీలు ఒకదాని కింద ఒకటి]

ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును, హక్కులను మన సుప్రీంకోర్టు నాల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసు తీర్పులో గుర్తించింది 2014 ఏప్రిల్ 15న. భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ కింద వయోజనుల పరస్పర సమ్మతి సంబంధాలు నేరం కావని చెప్పింది 2018 సెప్టెంబరు 6న. విద్యాసంస్థలకు నేరుగా తగిలే నిబంధనలు వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ర్యాగింగ్ నిర్వచనంలోకి లైంగిక ధోరణిని, ట్రాన్స్‌జెండర్ గుర్తింపును విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ 2016లో చేర్చింది. అంటే ‘ఆడంగి’ అంటూ జూనియర్‌ను వేధిస్తే అది ర్యాగింగే, యాంటీ ర్యాగింగ్ కమిటీ తీసుకోవాల్సిన కేసే. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రతి సంస్థలోనూ ఒక ఫిర్యాదుల అధికారిని నియమించమంది. మీ క్యాంపస్‌లో ఆ అధికారి ఎవరో కనుక్కోండి. పేరు చెప్పగలిగితే సంతోషం.

ఉదాహరణకు అమెరికా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2015లో ఒక విద్యార్థి కోరిక మేరకు శ్రీ, కుమారి వంటివి లేకుండా ‘మిక్స్’ అనే గౌరవ వాచకంతో సర్టిఫికెట్ ఇచ్చింది. 2022 మార్చిలో ఒక బాలికల హాస్టల్ కింది అంతస్తును జెండర్‌తో నిమిత్తం లేని చోటుగా ప్రకటించి, ఎల్‌జీబీటీక్యూ విద్యార్థులకు గదులు కేటాయించింది. తరగతుల భవనంలో అందరూ వాడుకోగలిగే మరుగుదొడ్డి కూడా ఏర్పాటు చేసింది. సంస్థ తలచుకుంటే ఇంత దూరం రాగలదు.

మరి కేంద్రంలో కూర్చున్న ఉద్యోగి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు? చాలామంది కౌన్సెలింగ్ అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం గుమాస్తా పనే. హాజరు పట్టికలో ఒక పేరు, మనిషి చెప్పే పేరు ఇంకొకటి. లెక్చరర్ రోజూ పాత పేరు బిగ్గరగా పిలుస్తారు, తరగతంతా తిరిగి చూస్తుంది. హాల్ టికెట్ మీద పాత ఫొటో. పరీక్ష మొదలయ్యే వేళ ఇన్విజిలేటర్ అనుమానంగా చూస్తూ పది నిమిషాలు నిలబెడతారు. ఆ పది నిమిషాలు మళ్లీ రావు. కేంద్రం నుంచి పరీక్షల విభాగానికి ముందే ఒక లేఖ వెళ్తే ఈ తంటా ఉండదు.

సంక్రాంతి సెలవులు ఇంకొకటి. హాస్టల్ ఖాళీ అవుతుంది, మెస్ మూసేస్తారు. ఇంట్లో తెలిసి గొడవైన పిల్లవాడు ఎక్కడికి వెళ్లాలి? వార్డెన్‌కు కారణం చెప్పలేడు, చెప్పకపోతే గదిలో ఉండనివ్వరు. కారణం అడగకుండా సెలవుల్లో గది ఇచ్చే అధికారం కేంద్రానికి ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద భయం ఇంటికి వెళ్లే ఫోను. మన హాస్టళ్లలో ఏ చిన్న సంగతి జరిగినా వార్డెన్ చేయి ముందు తండ్రి నంబరు మీదికి పోతుంది. మంచి ఉద్దేశంతోనే కావచ్చు. కానీ ఈ విషయంలో ఆ ఒక్క ఫోనుతో చదువు ఆగిపోవచ్చు, హడావిడిగా పెళ్లిచూపులు మొదలుకావచ్చు, ‘బాగుచేస్తా’మనే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లనూవచ్చు. అమెరికాలో కాలేజీలో చేరాక చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిది. అనుమతి లేకుండా వాటిని తల్లిదండ్రులకు సాధారణంగా చూపరు. అక్కడ చదివే మన తెలుగు పిల్లల్లో ఈ సంగతి తెలియక, ఇంటికి చేరుతుందేమోనని కేంద్రం గుమ్మం తొక్కనివాళ్లు ఉండవచ్చు. ఇక్కడ కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. కాబట్టి కేంద్రం నియమావళిలో మొదటి పేజీలోనే రాయాలి: ప్రాణాపాయం ఉంటే తప్ప, విద్యార్థి ఒప్పుకోనిదే ఇంటికి ఫోను చేయరు.

అలాగే, కౌన్సెలర్‌ను తీసుకునేటప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగండి: ‘మావాణ్ణి మార్చండి’ అని తల్లిదండ్రులు వస్తే ఏం చేస్తారు? 2022లో జాతీయ వైద్య కమిషన్ అలాంటి ‘కన్వర్షన్ థెరపీ’ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. జవాబులో తడబాటు కనిపిస్తే ఇంకొకరిని చూసుకోవడం మేలు.

గది సంగతి చివర చెబుతున్నాను, అది అంత ముఖ్యం కాదు కనుక. విడిగా, నిర్జనంగా ఉన్న చోట పెట్టకండి. అటు నడిచారంటే ఎందుకో అందరికీ తెలిసిపోతుంది, సాయంత్రానికల్లా నలుగురి నోళ్లలో నానుతుంది. స్కాలర్‌షిప్ విభాగం, బోనఫైడ్ సర్టిఫికెట్ల కౌంటర్ ఉన్న వరండాలోనే ఒక తలుపు చాలు. ఆ వరుసలో ఎవరు ఎందుకు నిలబడ్డారని ఎవరూ అడగరు.

[తెరపై: దరఖాస్తు నమూనా]

మీరు విద్యార్థులైతే, లేదా సాయపడాలనుకునే అధ్యాపకులైతే, లేఖ విద్యార్థి సంక్షేమ డీన్‌కు రాయండి, నకలు రిజిస్ట్రార్‌కు పెట్టండి. పైన చెప్పిన యూజీసీ సవరణను, 2019 చట్టం 11వ సెక్షన్‌ను జతచేయండి. వినతిపత్రం మీద విద్యార్థుల సంతకాలు సేకరించవద్దు, ఆ జాబితా ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు సంతకం చేస్తే చాలు. అడిగేది ఒక పోస్టు, దానికి బడ్జెట్‌లో ఒక పద్దు. పూర్తి పోస్టు ఇవ్వలేమంటే పావు పోస్టైనా పుచ్చుకోండి, కాకపోతే లిఖితపూర్వకంగా.

కేంద్రం వచ్చేలోపు ఎవరికైనా మనసు భారంగా ఉండి మాట్లాడాలనిపిస్తే, కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడతారు.

[తెరపై: 14416]