హెలెన్ డంకన్ కేసు: నేరం మంత్రం కాదు, బుకాయింపు

అందరికీ నమస్కారం. స్కాట్లండ్‌లో పుట్టిన మీడియం (చనిపోయినవాళ్ల ఆత్మలను రప్పిస్తాననే మనిషి) హెలెన్ డంకన్‌ని "బ్రిటన్‌లో శిక్షపడ్డ ఆఖరి మంత్రగత్తె" అంటుంటారు. ఆఖరిదీ కాదు, మంత్రగత్తె అని శిక్ష పడనూ లేదు. 1944లో ఈమెకు శిక్ష పడింది 1735 నాటి మంత్రవిద్య చట్టం కింద. అది చేతబడిని నమ్మనే నమ్మలేదు. మంత్రగత్తెలను ఉరితీసిన పాత చట్టాలను కొట్టేసి, శక్తులున్నట్టు నటించేవాళ్లకు ఏడాది వరకు జైలు అంది. 1944లోనే, ఈమె తర్వాత, జేన్ యార్క్ అనే మరో మీడియంకి కూడా ఇదే చట్టం కింద శిక్ష పడింది.

ఇక తంతు. మన సోదెమ్మ ఎదురుగా కూర్చుని చెబుతుంది. ఈమె గది మూలన కట్టిన తెర వెనక్కి వెళ్లేది, తర్వాత తెల్లటి ఆకారం ఒకటి ఆత్మంటూ కనిపించేది. టికెట్టు 12 షిల్లింగుల 6 పెన్నీలు. వెలుగు మసక ఎర్ర బల్బుది. ఆ వెలుగులో ఒంటిమీది నల్లబట్టలు చీకట్లో కలిసిపోతాయి, తెల్లదొక్కటే తేలుతుంది. గుడ్డ మడతలూ అంచులూ ఆనవు. ఫ్లాష్ పెట్టి ఫొటో తీస్తే మాత్రం అన్నీ బయటపడతాయి. 1931లో ఇలాంటి మీడియంలను పరీక్షించే హ్యారీ ప్రైస్ తీయించిన ఫొటోల్లో నేత పోగులు కూడా కనిపించాయి. ముందే ఒళ్లంతా సోదా చేసినా ఏమీ దొరకలేదు కాబట్టి, పల్చటి గుడ్డను మింగి కక్కుతోందని ఆయన తేల్చాడు. ఎక్స్‌రే అనేసరికి ఆమె కేకలేస్తూ వీధిలోకి పరిగెత్తింది. 1933లో ఎడిన్‌బరాలో 'పెగ్గీ' అనే పిల్ల ఆత్మను ఒకావిడ ఒడిసి పట్టుకుంటే చేతికి వచ్చింది లోబనీను. 10 పౌండ్ల జరిమానా పడింది.

1944 జనవరి 19న పోర్ట్‌స్మత్‌లో ఆమె కూటంలో పోలీసు తెల్లగుడ్డను పట్టుకున్నాడు గానీ అది జారిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. ప్రాసిక్యూషన్‌కి అసలు లోటు ఇదే. అయినా జ్యూరీ అరగంటలోపే దోషి అంది. కోర్టులోనే ఆత్మలను రప్పించి చూపిస్తామని డిఫెన్సు లాయరు లోస్బీ అడిగితే ఒప్పుకోలేదు.

యుద్ధ రహస్యం బయటపెట్టినందుకే ఆమెను పట్టుకున్నారని కొందరంటారు, ఇక ఆ సంగతి. బార్హమ్ యుద్ధనౌక 1941 నవంబరు 25న మునిగితే, ప్రభుత్వం రెండు నెలలకు ప్రకటించింది. ఈలోపే ఆ నౌక నావికుడి ఆత్మను ఆమె రప్పించిందని చెబుతారు. కానీ చనిపోయింది 860 మందికి పైగా. ఎవరికీ చెప్పొద్దంటూ వాళ్ల ఇళ్లకు ముందే ఉత్తరాలు వెళ్లాయి. పోర్ట్‌స్మత్ నౌకాదళ ఊరు. అన్ని ఇళ్లలో ఏడుపు మొదలయ్యాక ఇంకేం రహస్యం? అభియోగాలు కూడా 1944 జనవరి కూటాల మీదే, బార్హమ్ మీద కాదు.

శిక్ష 9 నెలలు, హాలోవే జైల్లో. ఈ కాలంచెల్లిన చట్టం ఎందుకు వాడారు, ఎంత ఖర్చయింది అని చర్చిల్ హోం మంత్రికి చీటీ రాశాడు. 1951లో దాని స్థానంలో మోసగాళ్లయిన మీడియంల మీద వేరే చట్టం వచ్చింది. కేవలం వినోదానికి చేసేదానికి అది వర్తించదని అందులోనే రాశారు.