పాత జిప్సీకి కొత్త కమాన్లు: కిట్ అదిరింది, షాకిల్ మాత్రం ముంచింది

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ కమాన్ల కిట్, అంటే చక్రాల దగ్గర బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల సెట్టు, నాకు ఫ్రీగా వచ్చింది. పంపినవాళ్లు డబ్బులేమీ ఇవ్వలేదు. అప్‌లోడ్ చేసే ముందు వీడియో ఒకసారి చూపించమన్నారు, కుదరదన్నాను, సరే అన్నారు. బిగించిన కూలీ, కొత్త షాకబ్జార్బర్లు, బ్రేక్ హోస్‌లు మాత్రం నా జేబులోంచే. కంపెనీ పేరు, ధర, పట్టీల మందం, ఎంత బరువు మోస్తాయి, అన్నీ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ఆ కాగితం ఇప్పటికే వేరే ఛానళ్లలో చదివి వినిపించారు కదా, నేను మళ్లీ చదవను. నేరుగా బండి కిందికి దూరిపోదాం.

బండి మీకు తెలిసిందే, మన జిప్సీ కింగ్. కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మారుతి జిప్సీ 1985లో 970 సీసీ ఇంజన్‌తో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల కింగ్ వచ్చింది. 2000లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి) వచ్చాక 80 హార్స్‌పవర్ అయింది. నాది ఆ ఎంపీఎఫ్ఐ బండి. 15 ఏళ్లు దాటాయి, ఆర్సీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకున్నా. ఇంజన్ గురించి నాకు ఏ రోజూ టెన్షన్ లేదు. నా గొడవంతా నడుముతోనే. జిప్సీలో దూరం పోయినవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు, సాయంత్రానికి వెన్నుపూస లెక్కపెట్టుకోవచ్చు.

ఎందుకంత కొడుతుందో ఒకసారి చూడండి. తమ్ముడూ, కెమెరా కొంచెం కిందికి పెట్టు, బంపర్ వెనక. ఇదిగో, ముందు చక్రం కమాన్. కమాన్‌కి ఒక చివర బోల్టుతో కదలకుండా ఉంటుంది, రెండో చివర షాకిల్ మీద, అంటే ఛాసిస్‌కి వేలాడే చిన్న ఇనుప లింకు మీద, ఊగుతుంది. జిప్సీలో ముందు కమాన్ షాకిల్ ముందు వైపు పెట్టారు. చక్రానికి రాయి తగిలిందనుకోండి, వంగి ఉన్న కమాన్ చదునవుతుంది. చదునైతే పొడవు పెరుగుతుంది. వెనక చివర కదలదు కాబట్టి ఆ పెరిగిన పొడవంతా ముందుకే పోవాలి. అంటే, యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఇరుసు) వెనక్కి తప్పుకోవాల్సిన సమయంలో ఎదురెళ్లి రాయిని గుద్దుతుంది. ఏ కిట్ వేసినా ఇది మారదు. షాకిల్‌ని వెనక్కి మార్చాలంటే ఛాసిస్ మీద కోత, వెల్డింగ్. నేనైతే ఆ జోలికి పోను, మీరూ పోవద్దు.

మరి కిట్ ఏం చేస్తుంది? ఇవి పారాబోలిక్ కమాన్లు. పాత కట్టలో పట్టీలన్నీ ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. బండి ఊగినప్పుడల్లా పట్టీకి పట్టీ రాసుకుంటుంది, మట్టి పడితే ఇంకా బిగుసుకుంటుంది. ఇందులో ముందు కమాన్‌కి రెండే పట్టీలు. ఒక్కో పట్టీ నడుమ మందంగా ఉండి చివరలకు పోయేకొద్దీ పలచబడుతుంది. ఈ ఖాళీలో వేలు పోతుంది చూడండి. నడుమన, చివర్లలో తప్ప ఒకదాన్నొకటి తాకవు. అందుకే చిన్న గుంతకి కూడా కదులుతాయి. పాత కట్ట చిన్న గుంతని అసలు పట్టించుకోదు, ఆ దెబ్బంతా సీటుకే పంపిస్తుంది.

కానీ పాత కట్టలో ఆ రాపిడి ఉత్తినే పోయేది కాదండీ. ఊపుని ఆపే పనిలో కొంత అదే చూసుకునేది. ఇప్పుడు రాపిడి లేదు కాబట్టి మొత్తం భారం షాకబ్జార్బర్ల మీదే. కిట్‌తో వచ్చిన కాగితంలో పాత షాకబ్జార్బర్లు సరిపోతాయని రాశారు. సరిపోవు. ఔటర్ రింగు రోడ్డు మీద బ్రిడ్జి జాయింట్ దాటితే బండి గోదారి మీద పడవలా ఊగింది. షాకబ్జార్బర్లు మార్చాకే దారికొచ్చింది. కొనేవాళ్లు ఆ ఖర్చు కూడా ముందే కలుపుకోండి.

ఇంతకు ముందు నేనేం వాడానో పాత సబ్‌స్క్రైబర్లకు తెలుసు. లారీల కమాన్ షాపులో వెనక కట్టకి ఒక పట్టీ ఎక్కువ వేయించా. సామాను నిండా వేస్తే బండి వెనక్కి కుంగేది కాదు, అంతవరకూ బాగుంది. ఖాళీగా తిప్పితే మాత్రం స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక చక్రాలు గాల్లోకే. అసలు ఈ బండి బరువే ఒక టన్ను. దాని నెత్తిన రూఫ్ టెంట్, జెర్రీ క్యాన్లు, స్టెప్నీ అన్నీ ఎక్కించి, వంగడం లేదు కాబట్టి కమాన్ గట్టిగా ఉంది అనుకునేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. బరువు కింద పెట్టండి. నేను వెనక సీటు తీసేసి ఆ చోట ప్లైవుడ్ పెట్టె చేయించుకున్నా. టూల్స్, నీళ్లు, స్టవ్ అన్నీ అందులోనే. పైన పరుపు తప్ప ఏమీ ఉండదు.

ఇక నడక. ముందు వికారాబాద్ అనంతగిరి మట్టి దారుల్లో తిప్పా, తర్వాత మారేడుమిల్లి నుంచి గుడిస కొండకి. గుడిస దారి ఎక్కినవాళ్లకు తెలుసు, రాళ్లు పైకి లేచి ఉంటాయి, వాన పడితే ఎర్రమట్టి జారుడు. 'ఫోర్-లో' గేరు, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే గేరు వేసి నింపాదిగా ఎక్కిస్తుంటే నాలుగు చక్రాలూ నేలని వదల్లేదు. ఇదే దారిలో పాత కమాన్లతో ఒక చక్రం గాల్లో తిరుగుతూ ఉండేది. పక్క సీటులో ఉన్న మా బావమరిది, జిప్సీ అంటేనే నడుం పట్టుకునే మనిషి, నిద్రపోయాడండీ. ఇంతకు మించి నేను సర్టిఫికెట్ ఏమివ్వాలి?

తర్వాత హిమాచల్‌లోని స్పితి లోయ. కిన్నౌర్ వైపు నుంచి కాజా వెళ్లి, తిరుగు దారిలో కుంజుమ్ పాస్ దిగి, బాతల్ మీదుగా గ్రాంఫు. బాతల్, గ్రాంఫు మధ్య దాన్ని రోడ్డు అనడం మర్యాద కోసమే. గుండ్రాళ్లు, మధ్య మధ్యలో అడ్డంగా పారే వాగులు. కుంజుమ్ దాదాపు 4,500 మీటర్ల పైన ఉంటుంది, అక్కడ గాలి పలచన. 80 హార్స్‌పవర్ ఇంజన్‌లో మిగిలేది ఇంచుమించు 50. జిప్సీ ట్యాంకు 40 లీటర్లే. కాజాలో బంకు ఉంది, అక్కడ నింపకుండా కదలొద్దు. సరే, కమాన్ల మాటకొస్తే, ఆ గుండ్రాళ్ల మీద అవి చేసిన పనికి నాకు మాటల్లేవు. సాయంత్రం బండి దిగి నడుం విరుచుకోవాలన్న ఆలోచనే రాలేదు.

ఇప్పుడు అసలు కోపం.

కిట్‌తో పాటు షాకిల్స్ పంపారు. పాతవాటి కంటే పొడుగు. బండి ఎత్తు పెరుగుతుందట. షాకిల్ రెండంగుళాలు పెంచితే యాక్సిల్ దగ్గర వచ్చేది ఒక్క అంగుళమే, అది అలా ఉంచండి. షాకిల్ ముందు వైపు ఉంది అన్నాను కదా, అక్కడ పొడవు పెరిగితే కమాన్ ముందు చివర కిందికి దిగుతుంది, యాక్సిల్ ముందుకు తిరుగుతుంది, క్యాస్టర్, అంటే ముందు చక్రం తిరిగే పిన్ను వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గిపోతుంది. ఫలితం ఏంటంటే, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. 60 దాటితే బండి లైన్లో ఉండదు. జిప్సీకి అసలే ముందు చక్రాలు వణికే జబ్బుంది. కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే పిన్ను) బేరింగులు కాస్త అరిగినా, టైర్ బ్యాలెన్సింగ్ తప్పినా స్టీరింగ్ చేతుల్లో డాన్సు చేస్తుంది. దానికి ఈ షాకిల్స్ తోడైతే ఇక చెప్పాలా?

అదొక్కటే అయితే పాత షాకిల్స్ వేసుకుని ఊరుకునేవాణ్ని. ఇదిగో, ఈ బోల్టు చూడండి. స్పితి నుంచి వచ్చాక విప్పింది. దగ్గరికి తీసుకురా తమ్ముడూ, ఫోకస్ పట్టనీ. ఈ ఒక్క చోట మాత్రం అరిగి వెండిలా మెరుస్తోంది, గోరు పెడితే మెట్టు తగులుతుంది. మిగతాదంతా ఎర్ర తుప్పు. గ్రీజు జాడ కూడా లేదు. కంపెనీ బండికి బోల్టు చుట్టూ వచ్చేవి రబ్బరు బుష్‌లు, అంటే గొట్టంలాంటి తొడుగులు. అవి తిరగవు, మెలి పడతాయి, గ్రీజు అక్కర్లేదు. వాటికి కావాల్సిందల్లా చక్రాలు నేల మీద ఆనాక బోల్టు బిగించడం. జాకీ మీద ఉండగానే బిగించేస్తే బుష్ చిరిగిపోతుంది. కిట్‌లో వచ్చినవి పాలీయురెథేన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్‌లు. ఇవి లోపల తిరుగుతాయి. తిరిగేదానికి గ్రీజు కావాలి. మరి గ్రీజు ఎక్కించడానికి నిపుల్, అంటే గ్రీజు గన్ మూతి తగిలించే చిన్న ముక్కు, ఏది? లేదు! బిగించేటప్పుడు రాసిందే గ్రీజు. రెండు వాగులు దాటామో లేదో అది కొట్టుకుపోయింది, దుమ్ము దూరింది, ఇక కీచు కీచు. బాతల్ నుంచి గ్రాంఫు దాకా అదే సంగీతం. బండి ఆపి ఒక లారీ క్లీనర్‌ని గ్రీజు గన్ అడిగితే ఇచ్చాడు పాపం, కానీ ఎక్కడ కొట్టను? అతను కూడా వంగి చూసి, నిపుల్ లేదేంటి అని నన్నే అడిగాడు.

లారీ షాకిల్ పిన్నుకి ఎప్పటి నుంచో ఉన్న వస్తువండీ అది. ముప్పై రూపాయలు పెట్టరు. కొండల్లో వాగులు దాటే బండికోసం అని డబ్బా మీద బొమ్మ వేసి, నీళ్లు తగిలితే ఎండిపోయే బుష్ పెట్టడం ఏం ఇంజనీరింగ్? ఫోన్ చేసి అడిగితే, ఆరు నెలలకోసారి విప్పి గ్రీజు రాసుకోండి అన్నారు. స్పితిలో, చలిలో, బండి కింద పడుకుని?

నేనేం చేశానంటే, పాత కొలతకే షాకిల్స్ చేయించా. బాలానగర్‌లో లేత్ పని చేసే ఒకాయన ఈఎన్24 అనే గట్టి ఉక్కు కడ్డీ నుంచి పిన్నులు తీసి, నడుమ సన్నగా కన్నం వేసి, తల మీద నిపుల్ బిగించి ఇచ్చాడు. పెద్ద కన్నం వేస్తే పిన్ను బలం పోతుంది, ఆ సంగతి తెలిసినవాళ్లతోనే చేయించండి. ఇప్పుడు రెండు సార్లు గన్ కొడితే పాత మురికి బయటికొచ్చేస్తుంది. సౌండ్ లేదు. ఎత్తు కూడా కంపెనీ ఎత్తుకి దగ్గరగానే ఉంది కాబట్టి స్టీరింగ్ బాగుంది, రవాణా శాఖతో వాదన కూడా తక్కువ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019లో సుప్రీంకోర్టు చెప్పిన మాట గుర్తుంచుకోండి, తయారీదారు స్పెసిఫికేషన్ దాటే మార్పులకు అనుమతి లేదు.

బిగించేవాళ్లకు ఒక మాట. కమాన్‌ని యాక్సిల్‌కి బిగించే పాత యూ-బోల్టులు మళ్లీ వాడొద్దు, అవి ఒకసారి సాగితే సాగినట్టే. కొత్తవి వేశాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ స్పానర్ పెట్టండి, కచ్చితంగా తిరుగుతాయి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేక్ హోస్ బిగుసుకుంటోందా చూడండి. నాది బిగుసుకుంది, అందుకే పొడుగువి వేశా.

పారాబోలిక్ పట్టీ విరిగితే మాత్రం దారిలో దొరకదు. పాత కట్టలో పట్టీ విరిగితే హైవే పక్కన ఏ లారీ కమాన్ షాపైనా అదే సైజు పట్టీ కోసి గంటలో కట్టిస్తాడు. ఇది ఆ పని కాదు. అందుకని నా పాత కట్టల్లోంచి పైపట్టీ ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి, సెంటర్ బోల్టులతో సహా పెట్టెలో వేసుకునే బయల్దేరతా. బరువే, కానీ తప్పదు.

డబ్బు పెట్టి కొంటానా అని అడుగుతారు కదా. కమాన్లు కొంటా, రేపే కొంటా, ఆ నిద్రపోయిన బావమరిది మీద ఒట్టు. షాకిల్స్, బుష్‌లు మాత్రం కొరియర్‌లో వాళ్లకే తిప్పి పంపించేశా. కమాన్లు విడిగా అమ్ముతారా అని అడిగా, ఇంకా జవాబు రాలేదు. వస్తే కామెంట్లలో పిన్ చేస్తా. బ్రేక్ హోస్ కొలతలు, పిన్ను డ్రాయింగ్ కూడా అక్కడే ఉంటాయి.