మంచు మీద లెక్క: మహిళల ఫిగర్ స్కేటింగ్ ఫలితాలను అంచనా వేయడం

సభకు నమస్కారం.

మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో పెద్ద పోటీ ఏది దగ్గరపడినా, ఈ ఆటను ఇష్టపడేవాళ్లం ఒకరినొకరం అడుగుకునే ప్రశ్న ఒక్కటే: ఈసారి గెలిచేదెవరు? జవాబు కోసం మనలో చాలామంది ప్రతి క్రీడాకారిణి అత్యధిక స్కోరును తీసి, పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా పేర్చుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను, చాలాసార్లు తప్పాను. అత్యధిక స్కోరు అంటే అన్నీ కుదిరిన రోజున వచ్చిన స్కోరు. ఏదో ఒకటి కుదరని రోజున ఆమెకు ఎంత వస్తుందో తెలిస్తేనే అంచనా నిలబడుతుంది. అది తెలియాలంటే పోటీ ముగిశాక వెలువడే మార్కుల పత్రాన్ని, ఒక్కొక్క జంప్‌కు ఎదురుగా ఏమి వేశారో చూస్తూ, ఓపికగా చదవాలి.

ముందుగా ఒక్క జంప్‌ను తీసుకుందాం. గాల్లో మూడు చుట్లు తిరిగే ట్రిపుల్ లట్జ్ మూల విలువ, అంటే నాణ్యత మార్కులు కలపకముందు ఆ జంప్‌కు ఉండే పాయింట్లు, 5.90. జడ్జీలు సున్నాకు పైన ఐదు మెట్లు, కింద ఐదు మెట్లు ఉన్న కొలత మీద నాణ్యత మార్కులు వేస్తారు. ఒక్కో మెట్టు మూల విలువలో పదో వంతు. చక్కగా దిగి రెండు మెట్లు పైకి వెళితే 7.08 వస్తుంది. గాల్లో చుట్లన్నీ పూర్తి చేసినా, దిగేటప్పుడు పడిపోతే సగం విలువ పోయి, పతనానికి మరో పాయింటు తీసేయగా 1.95 మిగులుతుంది. అదే లట్జ్ వెనక ట్రిపుల్ టో అనే మరో మూడు చుట్ల జంప్‌ను జోడించాలనుకున్న చోట పడిపోతే, జోడీ మొత్తానికి రావలసిన 11 పాయింట్లకు బదులు ఈ 1.95తోనే సరిపెట్టుకోవాలి. పోయిన ఆ టో జంప్‌ను తర్వాతి జంప్ వెనక అప్పటికప్పుడు అతికించగలిగే నిబ్బరం ఎవరికి ఉందో గమనించడం నా దృష్టిలో అంచనాలో సగం పని. మార్కుల పత్రం చదివేవారికి అది ఇట్టే కనబడుతుంది. మొత్తం స్కోరు మాత్రమే చూసేవారికి ఎన్నటికీ కనబడదు.

పోటీ రెండు విభాగాల్లో జరుగుతుంది: ముందు చిన్నదైన షార్ట్ ప్రోగ్రామ్, తర్వాత పెద్దదైన ఫ్రీ స్కేటింగ్; రెండింటి మొత్తమే తుది స్కోరు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌ను చూడండి. అలెగ్జాండ్రా ట్రుసోవా ఫ్రీ స్కేటింగ్‌లో ఐదు క్వాడ్‌లకు, అంటే నాలుగు చుట్ల జంప్‌లకు, పూనుకొని, ఆ విభాగంలో అందరికంటే ఎక్కువగా 177.13 సాధించారు. అయినా స్వర్ణం అన్నా షెర్బకోవాకు వెళ్లింది. ఇద్దరి మధ్య తేడా 4.22. అంతకుముందు షార్ట్ ప్రోగ్రామ్‌లో ట్రుసోవా ట్రిపుల్ యాక్సెల్, అంటే ముందుకు చూస్తూ లేచి మూడున్నర చుట్లు తిరిగే జంప్, చేయబోయి పడిపోయారు. ఆ జంప్ మూల విలువ 8.00, పతనం వల్ల అందులో పోయేది, ఎంత తక్కువగా లెక్కగట్టినా, ఐదు పాయింట్లు. ఐదు క్వాడ్‌ల ఆ ఫ్రీ స్కేటింగ్‌ను నేను ఎన్నిసార్లు చూసినా నాకు మనసులో మెదిలేది ఆ ఒక్క పతనమే.

అదే పోటీలో షార్ట్ ప్రోగ్రామ్ ముగిసేసరికి 82.16తో మొదటి స్థానంలో ఉన్న కమీలా వలియేవా ఫ్రీ స్కేటింగ్‌లో పలుమార్లు తడబడి నాలుగో స్థానానికి జారిపోయారు. డోపింగ్ వివాదం పోటీల మధ్యలోనే బయటపడింది. 2024 జనవరిలో ఆమె ఫలితం రద్దయింది. పదిహేనేళ్ల అమ్మాయి మీద ఆ వారం పడిన భారాన్ని ఏ మార్కుల పత్రమూ చూపలేదు. ఆ రాత్రిని అంచనా తప్పిన రాత్రిగా మాత్రమే తలచుకోవడం నాకు ఇష్టం ఉండదు.

ఇక ట్రిపుల్ యాక్సెల్ సంగతి కొంచెం నిలిచి ఆలోచించదగ్గది. మంచి ట్రిపుల్ యాక్సెల్‌కు 9.60 వస్తుందనుకుందాం, పడిపోతే 3.00. రెండుసార్లకు ఒకసారి నిలబడే క్రీడాకారిణికి సగటున 6.30 దక్కుతుంది. దాని బదులు డబుల్ యాక్సెల్‌ను ఎంతో అందంగా చేసినా నాలుగు పాయింట్ల పైచిలుకే. కాగితం మీద చూస్తే, మూడుసార్లకు ఒకసారి నిలబడినా పెద్ద జంప్‌కే లాభం. అందుకే కోచ్‌లు దాన్ని వదలరు. కానీ సగటు వేరు, హెచ్చుతగ్గులు వేరు. పతనం తర్వాత శ్వాస తప్పుతుంది, సంగీతం ముందుకు వెళ్లిపోతుంది, తర్వాతి జంప్‌కు పట్టాల్సిన వేగం అందదు. అలాంటి క్రీడాకారిణి గెలవనూ వచ్చు, ఆరో స్థానంలో మిగలనూ వచ్చు. 2014 సోచిలో మావో అసాదా షార్ట్ ప్రోగ్రామ్‌లో 55.51తో పదహారో స్థానానికి పడిపోయి, మరునాడు ఫ్రీ స్కేటింగ్‌లో 142.71తో ఆ విభాగంలో మూడో స్థానం అందుకొని, మొత్తం మీద ఆరో స్థానంలో నిలిచారు. మనిషి ఒక్కరే, మధ్యలో గడిచింది ఒక్క రాత్రి. కాబట్టి స్వర్ణం ఎవరికి అన్న ప్రశ్నకూ, పతకం తప్పకుండా వచ్చేది ఎవరికి అన్న ప్రశ్నకూ నేను వేరువేరు జాబితాలు రాసుకుంటాను.

రెండో జాబితాలో చాలా ఏళ్లు నేను ముందుగా రాసుకున్న పేరు కావొరి సకమోతో. ట్రిపుల్ యాక్సెల్ లేకుండా, క్వాడ్ లేకుండా, 2022, 2023, 2024లలో వరుసగా ప్రపంచ టైటిళ్లు గెలిచారామె. 2024లో మాంట్రియల్‌లో షార్ట్ ప్రోగ్రామ్ తర్వాత ఆమెది నాలుగో స్థానం. మొదటి స్థానంలో ఉన్న లోయనా హెండ్రిక్స్ చివరికి నాలుగో స్థానంలో మిగిలారు. ఆ వేగంతో వచ్చి, వేగం తగ్గకుండా దిగే డబుల్ యాక్సెల్‌ను చూస్తే జడ్జీలు నాణ్యత మార్కులు అంత ఉదారంగా ఎందుకు వేస్తారో అర్థమవుతుంది.

ఇక దగ్గరి నుంచి గమనించాల్సింది దిగే పాదం. తిరగాల్సిన చుట్లు పూర్తయి ఉంటే బ్లేడు మంచును తాకగానే వెనక్కి ఒక పొడవైన వంపు గీస్తూ సాగిపోతుంది. చుట్టు తక్కువైతే బ్లేడు ముందుగా మంచు మీదే మిగతా భాగం తిరుగుతుంది; అక్కడ చిన్న కొక్కెం లాంటి గీత పడి, పొడిమంచు చిమ్ముతుంది. టీవీలో మామూలు వేగంతో చూస్తే అది మంచి జంపే. సాంకేతిక బృందం మాత్రం దాన్ని మళ్లీ నెమ్మదిగా చూస్తుంది. సరిగ్గా పావు చుట్టు తక్కువైతే మూల విలువ నిలుస్తుంది కానీ నాణ్యత మార్కులు తగ్గుతాయి. పావు కంటే ఎక్కువ, సగం కంటే తక్కువ లోటు ఉంటే మూల విలువలో ఐదో వంతు పోతుంది. సగం దాటితే ట్రిపుల్‌ను డబుల్‌గా లెక్కిస్తారు. ఒక క్రీడాకారిణి ఒకే జంప్‌కు వరుసగా మూడు పోటీల్లో మార్కుల పత్రంలో ఈ లోటు గుర్తు తెచ్చుకుంటే, నాలుగో పోటీలో ఆమె హాయిగా నవ్వుతూ ముగించినా ఆ స్కోరు తగ్గుతుందనే నేను రాసుకుంటాను. జాతీయ పోటీల స్కోర్లను నేను లెక్కలోకి తీసుకోను. సొంత గడ్డ మీద మార్కులు ధారాళంగా పడతాయి. అంతర్జాతీయ సమాఖ్య కూడా వాటిని వ్యక్తిగత అత్యధిక స్కోర్లుగా గుర్తించదు.

నిబంధనలు మారితే పాత లెక్కలు మారతాయి. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో అలీనా జగితోవా, ఎవ్గేనియా మెద్వెదెవా ఇద్దరికీ ఫ్రీ స్కేటింగ్‌లో అక్షరాలా 156.65 వచ్చింది; షార్ట్ ప్రోగ్రామ్‌లోని 1.31 తేడాయే స్వర్ణాన్ని నిర్ణయించింది. జగితోవా జంప్‌లన్నిటినీ ప్రోగ్రామ్ రెండో సగంలో పెట్టి, అప్పట్లో ఆ సగంలోని జంప్‌లకు దక్కే పది శాతం అదనపు విలువ రాబట్టుకున్నారు. తర్వాతి సీజన్ నుంచి ఫ్రీ స్కేటింగ్‌లో ఆ అదనపు విలువ చివరి మూడు జంప్ ప్రయత్నాలకే పరిమితమైంది.

నా లెక్కను పూర్తిగా తలకిందులు చేసినవారు అలిసా లియూ. 2022లో పదహారేళ్లకే ఆట వదిలేసి, రెండేళ్లకు తిరిగొచ్చి, 2025 మార్చిలో బోస్టన్‌లో ప్రపంచ విజేత అయ్యారు. 2006 తర్వాత ఒక అమెరికా మహిళకు ఆ టైటిల్ దక్కడం అదే మొదలు. అంతకుముందు కొన్ని నెలల పత్రాల్లో ఆమె జంప్‌ల పక్కన లోటు గుర్తులు కనబడ్డాయి కాబట్టి, ఆమెను నేను మొదటి ముగ్గురిలో రాసుకోలేదు. పోటీ రాత్రి అవన్నీ శుభ్రంగా నిలిచాయి. ఆమె ఒత్తిడి లేకుండా, ఆడుకుంటున్నట్టు స్కేట్ చేశారు. అలా తిరిగొచ్చిన మనిషి విషయంలో గత పత్రాలకు ఎంత విలువ ఇవ్వాలన్నది ఇప్పటికీ నన్ను వేధిస్తున్న ప్రశ్న.

చివరగా ఆరు నిమిషాల వార్మప్ గురించి. ఆఖరి గుంపులోని ఆరుగురూ ఒకేసారి మంచు మీదికి వస్తారు. ఎవరు ఏ జంప్‌లో పడ్డారో లెక్కపెట్టడం వల్ల నాకు ఎప్పుడూ ఉపయోగం కలగలేదు. పడినవారు గెలిచిన రాత్రులు చాలా ఉన్నాయి. నేను చూసేది, ఒకే జంప్‌ను మూడోసారి, నాలుగోసారి మొదలుపెట్టి గాల్లో మధ్యలోనే చేతులు తెరిచేసి ఒక చుట్టుతో దిగిపోయేది ఎవరని. అలా కనబడితే ఆమె ట్రిపుల్ పక్కన డబుల్ విలువ రాసుకొని, మొత్తం మళ్లీ కూడుకుంటాను.