ఇంటర్నెట్ వాడకంపై పన్ను: శ్రోతల ప్రశ్నలు, నిపుణురాలి సమాధానాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇంటర్నెట్ వాడకంపై పన్ను వేస్తామని ప్రభుత్వాలు ప్రకటించిన చాలా చోట్ల ప్రజల నుంచి వ్యతిరేకత వచ్చింది. కొన్ని చోట్ల ప్రతిపాదన వెనక్కి పోయింది, కొన్ని చోట్ల చట్టమై కూర్చుంది. ఈ తేడా ఎందుకు వచ్చింది, అటువంటి ప్రతిపాదన ఎదురైనప్పుడు సామాన్య వినియోగదారులు ఏం చేయవచ్చు అన్న విషయాలపై మీ సందేహాలకు జవాబులు చెప్పేందుకు పన్నుల విధానాలను అధ్యయనం చేసే ఆర్థికవేత్త ఒకరు స్టూడియోలో మనతో ఉన్నారు. మొదటి ఫోన్ తీసుకుందాం. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నేను ఇంటి నుంచే వీడియో ద్వారా పిల్లలకు సంగీతం నేర్పుతాను. ఇకపై వాడిన ప్రతి జీబీకీ పన్ను కట్టాలని నా ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. తరగతుల సమయం ఇప్పటి నుంచే తగ్గించుకోవడం మంచిదా అని అడుగుదామని చేశాను.

నిపుణురాలు: నమస్కారమమ్మా. తరగతులు తగ్గించకండి. ముందు ఆ సందేశం దేని గురించి మాట్లాడుతోందో తేల్చుకోండి. ఒక మంత్రి నోటిమాట వేరు, చట్టసభ ముందు పెట్టిన బిల్లు వేరు, అమలు తేదీతో వెలువడిన చట్టం వేరు. ఫోన్లలో తిరిగే సందేశాలు ఈ మూడింటినీ ఒకే గాటన కడతాయి. 2021 జూన్‌లో పాకిస్తాన్‌లో ఆర్థిక మంత్రి బడ్జెట్ ప్రసంగంలో ఇంటర్నెట్ డేటాపై ఎక్సైజ్ సుంకం ప్రకటించారు. కాసేపటికే మరో మంత్రి ముందుకు వచ్చి, ప్రధాని గానీ మంత్రివర్గం గానీ దానికి ఆమోదం తెలపలేదని చెప్పారు. ఉదయం వచ్చిన సందేశాన్ని నమ్మి సాయంత్రానికి నిర్ణయాలు తీసుకున్నవారు నష్టపోయేవారే కదా! బిల్లు కాపీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరికితే అదే చదవండి, దొరకకపోతే ఇంకా ఏమీ జరగలేదనే అనుకోండి. ఈలోగా మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. నెలకు ఎంత డేటా ఖర్చవుతుందో ఫోన్ సెట్టింగులలో చూసి రాసిపెట్టుకోండి. ఆ లెక్క తర్వాత చాలా పనికి వస్తుంది.

వ్యాఖ్యాత: తర్వాతి శ్రోత విశ్వవిద్యాలయ విద్యార్థి. అడగండి.

శ్రోత: మేడమ్, హంగేరీలో జనం వీధుల్లోకి వచ్చి ఇంటర్నెట్ పన్నును ఆపించారని చదివాను. నిజంగా ఊరేగింపుల వల్లనే ఆగిందా? అలాగైతే మేమూ అదే దారిలో వెళ్ళవచ్చు కదా.

నిపుణురాలు: ఊరేగింపులు లేకపోతే ఆగేది కాదు. అయితే అన్ని వేల మంది అంత త్వరగా ఎందుకు కదిలారో అర్థం చేసుకోకుండా ఊరేగింపును మాత్రమే అనుకరిస్తే ఫలితం ఉండదు. 2014 అక్టోబర్ 21న హంగేరీ ప్రభుత్వం మరుసటి ఏడాది పన్నుల బిల్లులో ఇంటర్నెట్‌లో డేటా రాకపోకల మీద గిగాబైటుకు 150 ఫోరింట్ల పన్ను ప్రతిపాదించింది; ఫోరింట్ అంటే అక్కడి కరెన్సీ. ఆ దేశంలో ఫోన్ కాల్ నిమిషానికీ, ఎస్సెమ్మెస్‌కూ పన్ను 2012 నుంచే ఉండేది. జనం ఫోన్ కాల్స్ మానేసి ఇంటర్నెట్ ద్వారా మాట్లాడుకుంటున్నారు కాబట్టి పన్ను కూడా అటు మళ్ళాలన్నది ప్రభుత్వ వాదన. కానీ 150 అన్న సంఖ్య వినగానే ప్రతి ఒక్కరూ తమ లెక్క తాము వేసుకోగలిగారు. మూడు జీబీల సినిమా చూస్తే 450 ఫోరింట్లు, నెలకు 50 జీబీలు వాడే ఇంటికి 7,500 ఫోరింట్లు. ఆర్థికవేత్తల సాయం లేకుండా అర్థమయ్యే పన్ను మీద కోపం కూడా అంతే సులువుగా వస్తుంది.

గొడవ మొదలవగానే పాలక పక్షం ఒక పరిమితి ముందుకు తెచ్చింది: వ్యక్తులకు నెలకు 700 ఫోరింట్లు, సంస్థలకు 5,000 ఫోరింట్లు మించకుండా చూస్తామని. నా దృష్టిలో ఈ కథలో అత్యంత ఆసక్తికరమైన భాగం ఇదే, ఎందుకంటే ఆ పరిమితి పన్ను స్వభావాన్నే మార్చేసింది. 700ను 150తో భాగిస్తే ఐదు జీబీల లోపే పరిమితి నిండిపోతుంది. అంటే ఐదు జీబీలు వాడే ముసలాయనా, ఐదు వందల జీబీలు వాడే ఆటల పిచ్చి కుర్రాడూ ఒకే మొత్తానికి లోబడతారు. వాడకానికి తగ్గ పన్ను అని మొదలుపెట్టినది కనెక్షన్ ఉన్నందుకు వేసే పన్నుగా మిగిలింది. ప్రజలు దాన్ని రాయితీగా తీసుకోలేదు. అక్టోబర్ 26న, మళ్ళీ 28న బుడాపెస్ట్‌లో వేలాదిమంది ఫోన్ల వెలుగులు పైకెత్తి నడిచారు. మొదటి రోజు కొందరు పాలక పక్ష కార్యాలయం మీదికి పాత కంప్యూటర్ విడిభాగాలు విసిరారు కూడా, దాన్ని నేను సమర్థించను. 31వ తేదీన ప్రధాని విక్టర్ ఓర్బాన్ రేడియోలో మాట్లాడుతూ ఆ రూపంలో పన్ను తీసుకురావడం లేదని ప్రకటించారు. ప్రతిపాదనకూ ఉపసంహరణకూ మధ్య పది రోజులు.

శ్రోత: అంటే స్పష్టమైన సంఖ్య ఉండడమే ప్రజలకు కలిసివచ్చిందంటారా?

నిపుణురాలు: చాలావరకు అంతే. 2018 సెప్టెంబర్‌లో పశ్చిమ ఆఫ్రికా దేశమైన బెనిన్‌లోనూ అదే జరిగింది. ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి సేవలకు వాడే డేటాపై మెగాబైటుకు అక్కడి కరెన్సీలో 5 సీఎఫ్ఏ ఫ్రాంకులు వేశారు. చూడ్డానికి ఐదే కదా అనిపిస్తుంది, జీబీకి లెక్క కడితే సుమారు 5,000 అవుతుంది. ఆన్‌లైన్‌లో నిరసన వెల్లువెత్తడంతో కొద్ది రోజుల్లోనే రద్దు చేశారు. మీరు మీ మిత్రులతో ఏదైనా మొదలుపెడితే నినాదం కంటే ముందు ఇటువంటి లెక్క ఒకటి తయారు చేసుకోండి. ఊరేగింపు తీయాలనుకుంటే అనుమతి తీసుకుని, శాంతియుతంగా తీయండి.

వ్యాఖ్యాత: మరో ఫోన్. నమస్కారమండీ, చెప్పండి.

శ్రోత: నమస్కారం. నేను ఖజానా శాఖలో గణాంకాధికారిగా పదవీ విరమణ చేశాను. ఇందాకటి నుంచి వింటున్నానమ్మా, అందరూ పన్ను తప్పన్నట్లే మాట్లాడుతున్నారు. బండి నడిపేవాడు రహదారి పన్ను కడుతున్నప్పుడు ఇంటర్నెట్ వాడేవాడు ఎందుకు కట్టకూడదు? ప్రభుత్వానికి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుంది?

నిపుణురాలు: మంచి ప్రశ్న వేశారండీ, మీ వాదనలో సగం నేను ఒప్పుకుంటాను. ఫోన్ కాల్స్ మీద వచ్చే ఆదాయం తగ్గిపోతున్నప్పుడు ప్రభుత్వం మరో చోటు వెతుక్కోవడం అన్యాయం కాదు. ఇంటర్నెట్ సేవ మీద ఇతర సేవలతో సమానంగా అమ్మకపు పన్ను వేయడం కూడా చాలా దేశాలలో ఉన్నదే. నా అభ్యంతరం కొలత విషయంలో. లారీ ఎంత తిరిగితే రోడ్డు అంత అరుగుతుంది, కాని తీగలో అదనంగా ఒక జీబీ పారినంత మాత్రాన తీగ అరగదు. ఒత్తిడి వచ్చేది అందరూ ఒకేసారి వాడే వేళలలోనే. అర్ధరాత్రి వాడిన జీబీకీ, రాత్రి తొమ్మిదింటికి వాడిన జీబీకీ ఒకే పన్ను వేస్తే ఆ ఒత్తిడీ తగ్గదు. ఇది 1990ల నాటి చర్చే. ప్రయాణించే ప్రతి బిట్‌కూ, అంటే డేటాలోని అతిచిన్న ముక్కకూ, చిన్న మొత్తం వసూలు చేయాలన్న ఆలోచన అప్పట్లోనే ఉంది. 1999లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వెలువరించిన మానవాభివృద్ధి నివేదిక కూడా దాన్ని ప్రస్తావించింది. అంతకు ఏడాది ముందే, 1998లో, అమెరికా కాంగ్రెస్ సరిగ్గా వ్యతిరేక దిశలో ఇంటర్నెట్ కనెక్షన్ మీద రాష్ట్రాలు, స్థానిక సంస్థలు కొత్తగా పన్ను వేయకుండా తాత్కాలిక నిషేధం విధించి, పలుమార్లు పొడిగించి, 2016లో శాశ్వతం చేసింది. ఏది సరైనదని వాదించుకోవచ్చు. వాడకాన్ని కొలిచి వేసే పన్ను మాత్రం ఎక్కువ చదువుకునేవారినీ, ఇంటి నుంచి పనిచేసేవారినీ ముందు పట్టుకుంటుంది. మీరు లెక్కలు తెలిసినవారు, ఆదాయం ఎంత వస్తుందన్న అంచనా కాగితాన్ని అడిగి పరిశీలించగలిగేది మీలాంటివారే.

శ్రోత: ఆ అంచనాలు ఎలా తయారవుతాయో నాకు బాగా తెలుసమ్మా.

నిపుణురాలు: (నవ్వుతూ) అందుకే మిమ్మల్నే అడగమంటున్నాను.

వ్యాఖ్యాత: తర్వాతి శ్రోత.

శ్రోత: మేడమ్, నా ప్రశ్న చిన్నది. పన్ను వచ్చినా వీపీఎన్, అదే మనం ఏ యాప్ వాడుతున్నామో కనిపించకుండా దాచే సాఫ్ట్‌వేర్, పెట్టుకుంటే సరిపోతుంది కదా?

నిపుణురాలు: అది ఏ పన్ను అన్నదాన్ని బట్టి ఉంటుంది బాబూ. జీబీ లెక్కన వేసే పన్నుకు వీపీఎన్ ఏమాత్రం అడ్డు కాదు, పైగా అది కొంత అదనపు డేటా తింటుంది. ఫలానా యాప్‌లకే పన్ను అన్నప్పుడు మాత్రం జనం ఆ దారి పట్టారు. 2018 జూలై 1 నుంచి ఉగాండాలో ఫేస్‌బుక్, వాట్సాప్, ట్విటర్ వాడాలంటే రోజుకు 200 షిల్లింగులు ముందుగా కట్టవలసి వచ్చింది. ఆ ఏడాది మార్చిలోనే అధ్యక్షుడు ముసెవెనీ ఆర్థిక మంత్రికి రాసిన లేఖలో సామాజిక మాధ్యమాలలో సాగే ఉబుసుపోక కబుర్ల వల్ల దేశానికి నష్టమని, చదువుకూ పరిశోధనకూ వాడే ఇంటర్నెట్‌ను మాత్రం వదిలేయాలని రాశారు. దాంతో ప్రజలు దాన్ని ఆదాయం కోసం వేసిన పన్నుగా కాక, నోరు మూయించడానికి వేసిన పన్నుగా చూశారు. వీపీఎన్‌లు విరివిగా వాడారు, అధికారులు వాటిని అడ్డుకోవడానికి ప్రయత్నించారు. 2018-19లో 28,400 కోట్ల షిల్లింగులు వస్తాయనుకున్న చోట సుమారు 4,950 కోట్లే వచ్చాయి, అంటే దాదాపు ఆరో వంతు. కాబట్టి తప్పించుకోవడం వల్ల పన్ను విఫలమైన మాట వాస్తవమే. అయినా మీకు నేనిచ్చే సలహా వేరు. కొన్ని దేశాలలో వీపీఎన్ వాడకంపై ఆంక్షలున్నాయి, ఉచితంగా దొరికే వాటిలో కొన్ని మీ సమాచారాన్నే అమ్ముకుంటాయి. రోజుకు కొద్ది మొత్తం మిగుల్చుకోవడానికి బ్యాంకు లావాదేవీలు జరిగే ఫోన్‌ను ముక్కూమొహం తెలియని సంస్థ చేతిలో పెట్టకండి.

వ్యాఖ్యాత: ఇప్పుడు లైన్లో ఉన్నవారు చిన్న స్థాయిలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే వ్యాపారి.

శ్రోత: నమస్కారమండీ. మాకు నాలుగు వందల లోపు కనెక్షన్లున్నాయి. పన్ను కట్టవలసింది సంస్థలే తప్ప వినియోగదారులు కాదని ప్రభుత్వాలు అంటుంటాయి. అదే నిజమైతే మావంటివారు ఎలా బతకాలి?

నిపుణురాలు: హంగేరీ బిల్లులో కూడా కట్టవలసిన బాధ్యత సేవలందించే సంస్థల మీదే పెట్టారు. కాగితం మీద ఎవరు కడతారన్నది ఒకటి, చివరికి ఎవరి జేబు నుంచి పోతుందన్నది మరొకటి. పెద్ద సంస్థ కొంతకాలం భరించి పోటీదారులు అలసిపోయేదాకా ఆగగలదు, మీరు ఆగలేరు. అందుకే బిల్లులో రెండు వాక్యాల కోసం వెతకండి: పన్నును వినియోగదారులకు బదిలీ చేయకూడదన్న నిషేధం ఉందా, చిన్న సంస్థలకు మినహాయింపు ఉందా? మొదటిది ఉండి రెండవది లేకపోతే మీ పరిస్థితి అందరికంటే కష్టం. పైగా కొలిచే యంత్రాంగం, లెక్కల నివేదికలు, తనిఖీలు మీ ఖర్చులోనే పడతాయి. మీవంటి వ్యాపారులంతా కలిసి ఆ ఖర్చును అంకెలలో చూపుతూ ఒకే వినతిపత్రం ఇవ్వండి.

వ్యాఖ్యాత: వినతిపత్రం అనగానే గుర్తొచ్చింది, ఇదే విషయమై ఒక శ్రోత చాలాసేపటి నుంచి వేచి ఉన్నారు.

శ్రోత: నమస్కారం మేడమ్. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. అభ్యంతరాలు పంపమని ప్రభుత్వం గడువు ఇస్తే సామాన్యులు రాసే ఉత్తరాన్ని ఎవరైనా చదువుతారా? ఎలా రాస్తే చదువుతారు?

నిపుణురాలు: అందరూ ఒకే నమూనాను పంపితే సంఖ్య లెక్కపెట్టి పక్కన పెడతారు. ఆ సంఖ్యకు విలువ లేదని కాదు, కానీ మీ గ్రంథాలయంలో రోజుకు ఎంతమంది కంప్యూటర్ల ముందు కూర్చుంటారో, ఉద్యోగ దరఖాస్తులకు, పరీక్షల ఫలితాలకు, ప్రభుత్వ సేవలకే ఎంతమంది వస్తారో రాసిన ఒక పేజీ ఉత్తరం ఎక్కువ పని చేస్తుంది. ఇంటర్నెట్ ద్వారానే దరఖాస్తు చేయమని ప్రభుత్వమే చెప్పి, అలా చేసినందుకు పన్ను వేయడంలోని వైరుధ్యాన్ని అధికారులు కొట్టిపారేయలేరు. బిల్లులోని క్లాజు సంఖ్య రాయండి, అది ఎవరిపై ఎంత భారమో చెప్పండి, మీరు కోరే మార్పు ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. పూర్తిగా రద్దు చేయాలని అడిగినా, అది కుదరకపోతే గ్రంథాలయాలకు, బడులకు, ఆసుపత్రులకు మినహాయింపు అడగడం మరచిపోవద్దు. ఉత్తరం కాపీ ఒకటి దగ్గర ఉంచుకుని, మీ నియోజకవర్గ ప్రతినిధికి కూడా పంపండి.

శ్రోత: ఇంకొక్క మాటండీ. ఇంత చిన్న పన్నుకు ఇంత రభస ఎందుకని కొందరు అంటున్నారు.

నిపుణురాలు: 2019 అక్టోబర్ 17న లెబనాన్ ప్రభుత్వం వాట్సాప్ కాల్స్‌పై రోజుకు 20 సెంట్ల రుసుము ప్రకటించి, ఆ రాత్రే వెనక్కి తీసుకుంది. అయినా నిరసనలు ఆగలేదు, 29న ప్రధాని సాద్ హరీరీ రాజీనామా ప్రకటించారు. కరెంటు కోతలు, అవినీతి, ధరలు, ఉద్యోగాల కొరత అన్నీ పేరుకుపోయి ఉన్న చోట ఆ ఇరవై సెంట్లు నిప్పురవ్వ మాత్రమే. మొత్తం చిన్నదే కావచ్చు, అది ఎవరి మీద, ఏ సమయంలో పడుతోందన్నదే పెద్ద విషయం.

వ్యాఖ్యాత: చివరి ఫోన్. క్లుప్తంగా అడగండి.

శ్రోత: మేడమ్, ప్రతిపాదన వెనక్కి తీసుకున్నామని ప్రకటించాక ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

నిపుణురాలు: రెండు దేశాలు రెండు రకాలుగా వెళ్ళాయి. హంగేరీలో ఆ తర్వాతి సంవత్సరాలలో ఇంటర్నెట్ సేవపై ఉన్న వ్యాట్‌ను 27 శాతం నుంచి 2017లో 18కి, 2018లో 5 శాతానికి తగ్గించారు. ఉగాండాలో రోజువారీ రుసుమును 2021లో తొలగించారు, కానీ ఆ జూలై నుంచే డేటా కొనుగోలు మీద 12 శాతం సుంకం వచ్చింది. రోజువారీ రుసుము చెల్లించడం కళ్ళకు కనిపించేది, దాన్ని తిట్టుకోవడం సులువు. సుంకం డేటా ప్యాక్ ధరలోనే కలిసిపోయింది, వీపీఎన్‌తోనూ తప్పించుకోలేనిది. మొదటి పన్ను మీద పోరాడినవారు రెండోదాన్ని ఆపలేకపోయారు. అందువల్ల ఉపసంహరణ ప్రకటనలో "ఈ రూపంలో", "ప్రస్తుతానికి" వంటి మాటలున్నాయేమో చూడండి. వచ్చే బడ్జెట్ వెలువడిన రోజున ప్రసంగం కంటే దాని వెనుక జతచేసిన సుంకాల పట్టికలో టెలికం సేవల వరుసను పాత ఏడాది పట్టికతో పోల్చి చూడండి. ఇందాక సంగీతం నేర్పే అమ్మగారిని రాసిపెట్టుకోమన్న డేటా లెక్క పక్కన ప్రతి నెలా కట్టిన బిల్లు మొత్తాన్ని కూడా రాసుకుంటే, రేటు పేరు మార్చుకుని వచ్చినా వెంటనే తెలిసిపోతుంది.

వ్యాఖ్యాత: సమయం ముగిసింది. లైన్లో మిగిలిపోయిన శ్రోతల ప్రశ్నలను వచ్చే వారం ముందుగా తీసుకుంటాం. స్టూడియోకు వచ్చిన మీకు ధన్యవాదాలు మేడమ్.

నిపుణురాలు: ధన్యవాదాలండీ, నమస్కారం.