డబ్బాల్లోనే ఉన్న బిస్కెట్లు

శ్రోతలకు నమస్కారం.

మీ వంటింట్లో డబ్బాలు వరసగా ఉంటాయి కదా. కూర్చున్న చోటునుంచే ఒక్కొక్క మూతా తీసి చూసుకోండి. గోధుమపిండి ఉంది. శనగపిండి ఉంది. పంచదార ఉంది. ఉప్మాకని తెచ్చిన బొంబాయి రవ్వ ఉంది. నెయ్యి ఉంది. ఏ మూలో నాలుగు ఏలకులు కూడా ఉంటాయి. ఇవి చాలు. బిస్కెట్లు చెయ్యడానికి ఇవి చాలు. గుడ్డు అక్కర్లేదు, పాలు అక్కర్లేదు, వెన్న కొనక్కర్లేదు. ఈ పూట నేను చెప్పబోయేది నాన్‌ఖటాయి గురించి. మన ఇళ్ళలో నిలవుండే సరుకులతోనే పూర్తయిపోయే బిస్కెట్ అది.

బిస్కెట్ అంటే పొట్లంలో కొనుక్కునేదే అన్న అలవాటు మనకు ఈమధ్య గట్టిపడింది. నలభై దాటిన వాళ్ళకు ఇంకో పద్ధతి గుర్తుండే ఉంటుంది. వేసవి సెలవులు వచ్చేసరికి సంచిలో మైదా, పంచదార, డాల్డా పెట్టుకుని ఊళ్ళో బేకరీకి వెళ్ళేవాళ్ళు. సరుకు మనది, భట్టీ ఆయనది. కిలోకి ఇంత అని కూలి. పిల్లలు ఆ వేడిలోనే నిలబడి, తమ పిండి ఏ రేకు మీదికి వెళ్ళిందో కళ్ళతో కాపలా కాసేవాళ్ళు. ఇంటికి పెద్ద రేకు డబ్బా నిండా బిస్కెట్లు వచ్చేవి. ఏం వేశారో మనకు తెలుసు, ఎంత వేశారో మనకు తెలుసు. కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ అలా చేసిపెట్టే బేకరీలున్నాయి. మీ ఊళ్ళో ఉంటే దయచేసి వదులుకోకండి. ఇంటి సరుకుకీ ఊరి భట్టీకీ మధ్య అంత చక్కని ఒప్పందం మళ్ళీ దొరకదు.

ఆ పాత పద్ధతిలో నేను మార్చమనేది ఒక్కటే, డాల్డా, అంటే నూనెను గట్టిపరిచి చేసే వనస్పతి. మన దేశంలో అది 1937లో అమ్మకానికి వచ్చింది. నెయ్యి కొనలేని ఇళ్ళను దశాబ్దాలపాటు ఆదుకుంది, కాదనను. కానీ నూనెను గట్టిపరిచే ఆ పద్ధతిలో ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. అది గుండెకు చెరుపు. అందుకే 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో అది 2 శాతానికి మించకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. మనం చేసేది 20 బిస్కెట్లు. ఆ కాసినిటికి నెయ్యే వేద్దాం.

నాన్‌ఖటాయి పుట్టుక గురించి గుజరాత్‌లోని సూరత్‌లో ఒక కథ చెప్పుకుంటారు. అక్కడ డచ్చివాళ్ళకు ఒక బేకరీ ఉండేది. వాళ్ళు వెళ్ళిపోతూ దాన్ని తమ దగ్గర పనిచేసిన పార్సీలకు అప్పగించారట. ఆ రొట్టెల పిండి పులియడానికి కల్లు, రుచికి గుడ్డు వాడేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు చాలామంది ఆ రెండూ ముట్టరు. రెండూ తీసేస్తే చివరకు మిగిలింది పిండి, పంచదార, నెయ్యి. కథ ఎంత నిజమైనా, ఫలితం మాత్రం మన ముందుంది. చెడిపోయే వస్తువు ఒక్కటీ లేని బిస్కెట్ తయారైంది.

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. కొలతలు నిదానంగా చెబుతాను.

నెయ్యి 100 గ్రాములు. పంచదార 100 గ్రాములు, మెత్తగా పొడి చేసినది. గోధుమపిండి గానీ మైదా గానీ 150 గ్రాములు. శనగపిండి 50 గ్రాములు. బొంబాయి రవ్వ ఒక పెద్ద చెంచా. బేకింగ్ పౌడర్ అర టీస్పూను. ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు.

గుర్తుకు తేలిక లెక్క ఒకటుంది. నెయ్యి ఒక పాలు, పంచదార ఒక పాలు, పిండి అంతా కలిపి రెండు పాళ్ళు. మళ్ళీ చెబుతాను. నెయ్యి ఒకటి, పంచదార ఒకటి, పిండి రెండు. తక్కెడ లేకపోయినా ఫరవాలేదు.

నెయ్యి కరిగి ఉండకూడదు, పేరుకుని ఉండాలి. ఎండాకాలమైతే గిన్నెను కాసేపు చల్లటి నీళ్ళలో పెట్టండి. పేరుకున్న నేతిలో పంచదార పొడి వేసి చేత్తోనే గిలక్కొట్టండి. మొదట పూసపూసగా, పచ్చగా ఉంటుంది. అయిదారు నిమిషాలకు రంగు తేలిపోతుంది, తెల్లబడుతుంది, చేతికి తేలికగా తగులుతుంది. ఆ తేలిక, అందులో చిక్కుకున్న గాలే. బిస్కెట్ గుల్లగా రావడానికి సగం కారణం అదే. ఈ పనిలో తొందరపడకండి.

తరవాత పిండ్లన్నీ కలిపి జల్లించి అందులో వెయ్యండి. చూడగానే పొడిపొడిగా ఉంటుంది. వెంటనే చెయ్యి పాల గిన్నె వైపు పోతుంది. ఆపండి. నీళ్ళు వద్దు. పాలు వద్దు. గోధుమలో జిగురుంటుంది. తడి తగిలితే ఆ జిగురు సాగుతుంది. చపాతీకి కావలసింది అదే, బిస్కెట్‌కి పనికిరానిది అదే. నెయ్యి పిండి రేణువును చుట్టుకుని ఆ జిగురును లేవనివ్వదు. శనగపిండిలో ఆ జిగురు అసలే లేదు కనుక అది ఇంకా గుల్ల చేస్తుంది, పైగా వేగేటప్పుడు కమ్మటి వాసన ఇస్తుంది. శనగపిండి వెయ్యని నాన్‌ఖటాయిలో నాకు ఏదో వెలితిగానే ఉంటుంది. కాబట్టి నీళ్ళు వద్దు, పాలు వద్దు. గట్టిగా పిసక్కుండా, చేతి వేడితో దగ్గరికి తీసుకుంటూ ఉంటే నిమిషంలో ముద్ద అవుతుంది. అప్పటికీ కలవకపోతే ఇంకో చెంచా నెయ్యి.

నిమ్మకాయలో సగమంత ఉండలు చేసి, కొంచెం అదిమి, పళ్ళెంలో దూరం దూరంగా పెట్టండి. వేడికి అవి పరుచుకుంటాయి.

ఓవెన్ ఉన్నవాళ్ళు ముందే వేడి చేసి, 170 డిగ్రీల దగ్గర పదిహేను, పద్ధెనిమిది నిమిషాలు. ఓవెన్ లేనివాళ్ళకు అడుగు మందంగా ఉన్న పాత గిన్నె చాలు. అడుగున రెండు వేళ్ళ మందాన ఉప్పు పోసి, దాని మీద చిన్న స్టాండ్ పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. తరవాత పళ్ళెం దించి, మూత పెట్టి, సన్నటి సెగ మీద ఇరవై అయిదు నిమిషాలు. ఆ ఉప్పును దాచుకుంటే మళ్ళీ ఇదే పనికి వస్తుంది, కూరలోకి మాత్రం వెయ్యకండి.

ఎప్పుడు తియ్యాలి? పైన సన్నటి పగుళ్ళు వస్తాయి. అడుగు గోధుమరంగు తిరుగుతుంది. పైభాగం నొక్కితే ఇంకా మెత్తగానే ఉంటుంది. మెత్తగా ఉందని ఇంకా ఉంచకండి. వేడి మీద అది మెత్తగానే ఉంటుంది, చల్లారాకే గట్టిపడుతుంది.

రాగిపిండి ఉన్నవాళ్ళు గోధుమపిండిలో సగం తీసేసి, దాని బదులు రాగిపిండి దోరగా వేయించి వేసుకోండి. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, పిల్లలకు మంచిది. పంచదార బదులు బెల్లం వేస్తే రుచి బాగుంటుంది. కానీ బెల్లం తడిని పీల్చుకుంటుంది, ఆ బిస్కెట్లు త్వరగా మెత్తబడతాయి. వాటిని నాలుగైదు రోజుల్లో తినేయండి.

డబ్బాలో ఉన్నదల్లా మంచి సరుకే అనుకోకండి. పిండి వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే పక్కన పెట్టేయండి, ఏలకులు ఎన్ని వేసినా ఆ వాసన పోదు. బేకింగ్ పౌడర్ అరచెంచా వేడినీళ్ళలో వెయ్యండి. బుసబుసా పొంగితే పనిచేస్తుంది. పొంగకపోతే అది మానేసినా ఫరవాలేదు, నెయ్యి గిలక్కొట్టడానికి ఇంకో రెండు నిమిషాలు కేటాయించండి.

సమయం అయిపోవస్తోంది. మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పూర్తిగా చల్లారకముందు డబ్బాలో పెట్టకండి. గోరువెచ్చగా ఉన్నా పెట్టకండి. బిస్కెట్ నిలవుండేది అందులో తడి లేదు కాబట్టే. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి పట్టి, మూతకు చెమ్మ దిగి, ఆ చెమ్మ మళ్ళీ బిస్కెట్లలోకే చేరుతుంది. పళ్ళెంలోనే వదిలెయ్యండి, పది నిమిషాలు ముట్టుకోకండి. తరవాత జల్లెడ మీదికి మార్చి, ఫ్యాను కింద గంటసేపు ఆరనివ్వండి. చేతి వెనకభాగంతో తాకి చూడండి. ఏమాత్రం వేడి తగలకపోతే అప్పుడు డబ్బా. బిగుతు మూత ఉన్న పొడి డబ్బా. ఇలా అయితే రెండు వారాలు కరకరలాడుతూ ఉంటాయి. వానాకాలంలో మెత్తబడ్డాయా, పారెయ్యనక్కర్లేదు. అదే గిన్నె వేడి చేసి అయిదు నిమిషాలు పెట్టి తీయండి, మళ్ళీ పూర్తిగా చల్లార్చండి, అప్పుడే డబ్బాలోకి.

సెలవు.