నేపాల్, భూటాన్: రెండూ తిరిగొచ్చాక నా రివ్యూ

నమస్తే అండి. పోయిన వీడియో కింద చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "నేపాల్ బాగుంటుందా, భూటాన్ బాగుంటుందా? రెండింటిలో ఏది బాగా అభివృద్ధి చెందింది?" నేపాల్ రెండుసార్లు వెళ్లొచ్చాను, భూటాన్ ఒకసారి. చూసింది, చదివింది కలిపి చెబుతాను. హోటళ్లు, ఖర్చుల గురించి చివర్లో రెండు ముక్కలు చెప్తాను. ముందు అక్కడి మనుషుల గురించి మాట్లాడుకుందాం.

ఇవి పక్కపక్క దేశాలని అంటాం గానీ, రెండింటికీ ఉమ్మడి సరిహద్దు లేదు. మధ్యలో మన సిక్కిం ఉంది, కింద సిలిగురి ఉంది. నేపాల్ తూర్పు చివర కాకడ్‌భిట్టా దగ్గర మేచీ నది వంతెన దాటి, ఉత్తర బెంగాల్ టీ తోటల మధ్య కొన్ని గంటలు ప్రయాణిస్తే జైగావ్ వస్తుంది. అక్కడ గేటు దాటితే భూటాన్‌లోని ఫుంట్‌షోలింగ్. ఈ దారిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

పోల్చేముందు సైజు చూడాలి. నేపాల్ విస్తీర్ణం మన ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త తక్కువ. జనాభా దాదాపు 3 కోట్లు. భూటాన్ జనాభా 8 లక్షల లోపే. అంటే దేశం మొత్తం కలిపినా విజయవాడ అంత మంది ఉండరు. ఈ ఒక్క తేడా మర్చిపోతే మిగతా పోలికంతా తప్పుదారి పడుతుంది.

ఒకప్పుడు ఇద్దరి పరిస్థితీ ఒకటే. 1958లో నెహ్రూ భూటాన్ వెళ్లినప్పుడు అక్కడ మోటారు రోడ్డే లేదు. చుంబీ లోయ మీదుగా గుర్రం మీద, కాలినడకన పారో చేరుకున్నారు. ఆ తర్వాతే, 1961 నుంచి, మన బోర్డర్ రోడ్స్ వాళ్లు దంతక్ ప్రాజెక్టు కింద ఫుంట్‌షోలింగ్ నుంచి థింఫూకు రోడ్డు వేశారు. నేపాల్‌లో ఖాట్మండుకు మొదటి మోటారు రోడ్డు, త్రిభువన్ రాజ్‌పథ్, 1956లో తెరుచుకుంది. అంతకుముందు ఖాట్మండులో, అప్పట్లో దేశాన్ని ఏలిన రాణా కుటుంబాల కార్లు తిరిగేవి, కానీ ఆ కార్లను కూలీలు వెదురు బొంగుల మీద మోసుకుంటూ కొండలు దాటించేవారు. ఆ పాత ఫోటోను నేను చాలాసేపు చూశాను. కారు కింద పదుల మంది మనుషులు, చాలామంది కాళ్లకు చెప్పులు కూడా లేవు.

ఇప్పుడు? తలసరి ఆదాయంలో భూటాన్ నేపాల్‌కు రెట్టింపు పైనే ఉంది. ఐక్యరాజ్యసమితి పెట్టిన అత్యల్ప అభివృద్ధి దేశాల జాబితా నుంచి భూటాన్ 2023 డిసెంబరులో బయటపడింది. నేపాల్‌కు ఆ తేదీ 2026 నవంబరుగా నిర్ణయించారు. థింఫూలో నా కడుపు బాగోలేక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. లైన్లో అరగంట కూర్చున్నాను, డాక్టరు చూశారు, మందులిచ్చి పంపారు. అక్కడ మౌలిక వైద్యం ఉచితంగా అందించాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. దేశంలో 60 శాతం భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని కూడా రాసుకున్నారు. నిజానికి 70 శాతం దాకా అడవి ఉంది. పారో నుంచి హా లోయకు వెళ్లే దారిలో కిటికీ పక్కన కూర్చుంటే ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ డబ్బు ఎక్కడిది? నీళ్ల నుంచి వచ్చింది, మన నుంచి వచ్చింది. జలవిద్యుత్ ప్రాజెక్టులు చూడండి: చుఖా 336 మెగావాట్లు, తాలా 1020, మాంగ్దెచ్చు 720. ఈ ప్రాజెక్టులకు పెట్టుబడి మనదే, మిగులు కరెంటు కొనేదీ మనమే. వాటి మీద భూటాన్‌కు పెద్ద అప్పు ఉంది, అది కూడా చెప్పుకోవాలి. ఇది కాక 2024 నుంచి 2029 వరకు ఐదేళ్లకు భారత్ 10,000 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. అంత చిన్న జనాభాకు లెక్కేస్తే మనిషికి లక్ష రూపాయల పైనే పడుతుంది. 3 కోట్ల మంది ఉన్న నేపాల్‌కు అలా ఎవరిస్తారు? అందుకే "భూటాన్‌ను చూసి నేపాల్ నేర్చుకోవాలి" అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు నచ్చదు.

నేపాల్ పడ్డ దెబ్బలు కూడా వేరు. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టు యుద్ధంలో వేలాది మంది చనిపోయారు. 2001లో రాజకుటుంబం హత్యకు గురైంది. 2008లో రాచరికం పోయింది. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు 9,000 మందిని మింగింది. అదే ఏడాది రాజ్యాంగం వచ్చిన వెంటనే భారత సరిహద్దు దగ్గర దిగ్బంధం జరిగి, వంట గ్యాసు, పెట్రోలు లేక జనం నెలల తరబడి అల్లాడారు. ఆ దిగ్బంధం గురించి ఖాట్మండులో ఎవరితో మాట్లాడినా మన దేశం మీద బాధ బయటపడుతుంది. నేను వాదించలేదు, విన్నాను.

అయినా ఆ దేశం సాధించిన ఒక విజయం నాకు చాలా ఇష్టం. అదే కరెంటు. ఒకప్పుడు చలికాలంలో ఖాట్మండులో రోజుకు 16 గంటల పైన కోత ఉండేది. 2016లో కుల్‌మాన్ ఘిసింగ్ విద్యుత్ సంస్థ బాధ్యత తీసుకున్నాక, కొంతకాలంలోనే రాజధానిలో కోతలు ఆగిపోయాయి. పెద్ద పరిశ్రమలకు రాత్రీ పగలూ దొడ్డిదారిన వెళ్తున్న కరెంటును ఇళ్లకు మళ్లించడం, దిగుమతి పెంచడం, పీక్ టైమ్ లెక్కలు సరిచేయడం, ఇలాంటి పనులే చేశారు. 2021లో 456 మెగావాట్ల అప్పర్ తామాకోశి జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. ఇప్పుడు వానాకాలంలో నేపాల్ మనకు కరెంటు అమ్ముతోంది, మన లైన్ల మీదుగా బంగ్లాదేశ్‌కూ పంపుతోంది. ఖాట్మండు రోడ్ల మీద ఎలక్ట్రిక్ కార్లు, మైక్రోబస్సులు అన్ని కనిపిస్తాయని నేను ఊహించలేదు.

సరే, ఇక సంస్కృతి. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి.

మా పూజ గదిలో తాతగారి కాలం నాటి సాలగ్రామం ఒకటుంది. మీ ఇళ్లలోనూ చాలామందికి ఉంటుంది. అది నేపాల్‌లోని కాళీ గండకీ నది రాయి. ఆ నది పైన, దాదాపు 3,700 మీటర్ల ఎత్తులో ముక్తినాథ్ ఉంది. వైష్ణవులకు 108 దివ్యదేశాల్లో అదొకటి. నేను వెళ్లినప్పుడు 108 ధారల కింద తడుస్తూ, వణుకుతూ, గోవిందా అంటున్న తెలుగు గొంతులు వినిపించాయి. అదే గుడి బౌద్ధులకూ పవిత్రమే. గురు పద్మసంభవుడు అక్కడ ధ్యానం చేశాడని వాళ్ల నమ్మకం. ఆలయ సేవలో బౌద్ధ సన్యాసినులు ఉంటారు. ఆ పద్మసంభవుడే పులి మీద ఎగిరి వచ్చి దిగాడని చెప్పే కొండ చరియ భూటాన్‌లోని తక్త్‌సాంగ్. 1692లో కట్టిన ఆ మఠం 1998లో కాలిపోతే మళ్లీ అలాగే కట్టుకున్నారు. రెండు చోట్లా మోకాళ్లు నొప్పి పుట్టేదాకా ఎక్కాను. రెండు చోట్లా తలుచుకునేది ఒకే గురువును.

నేపాల్‌లో కలిసిపోవడం అలా ఉంటుంది. ఖాట్మండు కుమారిని, అంటే దేవతగా కొలిచే చిన్న బాలికను, బౌద్ధ శాక్య కుటుంబాల నుంచి ఎంచుకుంటారు, హిందువులు తలేజు అమ్మవారిగా కొలుస్తారు. 2021 జనాభా లెక్కల్లో 124 భాషలు నమోదయ్యాయి. భూకంపంలో కూలిన కాష్ఠమండపాన్ని, అంటే ఆ నగరానికి పేరిచ్చిన మండపాన్నే, స్థానికులు పట్టుబట్టి పాత పద్ధతిలో చెక్కతో, ఇటుకతో లేపుకున్నారు.

భూటాన్‌లో సంస్కృతికి రాజ్యం కాపలా కాస్తుంది. ఆఫీసుకు, బడికి మగవాళ్లు ఘో, ఆడవాళ్లు కీరా వేసుకోవాలి. కొత్త ఇంటికి కూడా పాత పద్ధతి కిటికీలు, రంగులు ఉండాలి. టీవీ, ఇంటర్నెట్ 1999లో వచ్చాయి. థింఫూ చౌరస్తాలో సిగ్నల్ లైట్లు లేవు, తెల్ల గ్లౌజులు వేసుకున్న పోలీసు చేతులతో ట్రాఫిక్ నడుపుతాడు. పునాఖా జోంగ్ (కోటలాంటి మఠం) ముందు, రెండు నదులు కలిసే చోట నిలబడితే, ఇంత అందాన్ని ఇంత శ్రద్ధగా కాపాడినందుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నాకూ అనిపించింది.

కానీ ఆ శ్రద్ధకు కొందరు చెల్లించిన వెల ఉంది. మొదట్లో గుర్తుపెట్టుకోమన్న దారి ఇదే. భూటాన్ దక్షిణాన తరాలుగా ఉంటున్న నేపాలీ మాట్లాడే రైతులను ల్హోత్‌షంపాలు అంటారు. 1985లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. తర్వాతి జనగణనలో 1958 నాటి భూమి పన్ను రసీదు చూపించమన్నారు. 1989లో దుస్తుల నియమం అందరికీ పెట్టారు, బడుల్లో నేపాలీ తీసేశారు. నిరసనలు లేచాయి, అణచివేత జరిగింది. లక్ష మంది దాకా ఇళ్లు వదిలి, అవే టీ తోటల మధ్య దారిన మేచీ దాటి, ఝాపా జిల్లాలో మాయి నది ఒడ్డున వెదురు గుడిసెల్లో పడ్డారు. 1975లో సిక్కిం భారత్‌లో కలిశాక తమ ఉనికి ఏమవుతుందోనని భూటాన్ పాలకులు భయపడ్డారని చదివాను. ఆ భయం అర్థమవుతుంది. కానీ తాతల నాటి కమలా తోట వదిలి రాత్రికి రాత్రి వెళ్లిపోవడం నాకు న్యాయంగా కనిపించదు. నేపాల్ కూడా వాళ్లకు పౌరసత్వం ఇవ్వలేదు. 2007 తర్వాత లక్షకు పైగా మంది అమెరికా, కెనడా లాంటి దేశాలకు వెళ్లారు. ఒహాయోలోని కొలంబస్‌లో ఉండే మన తెలుగువాళ్లకు భూటానీ నేపాలీ కిరాణా కొట్లు తెలిసే ఉంటాయి. ఆ కొట్ల వెనక కథ ఇది.

భూటాన్ చెప్పే స్థూల జాతీయ సంతోషం అన్న మాట వినగానే చప్పట్లు కొట్టేముందు ఈ సంగతి కూడా తెలిసి ఉండాలని నా కోరిక. ఆ ఆలోచన చెడ్డదని కాదు. మనుషుల నిద్ర, ఖాళీ సమయం, ఇరుగుపొరుగు మీద నమ్మకం కూడా లెక్కలోకి తీసుకునే కొలత అది. మన దగ్గర కూడా అలా అడిగితే బాగుండు.

మరి అంత బాగుంటే యువత ఎందుకు వెళ్లిపోతోంది? పారోలో నాకు గైడ్‌గా వచ్చిన కుర్రాడు ఇంగ్లిష్ పరీక్షకు చదువుతున్నాడు. వాళ్లక్క నర్సు, అప్పటికే పెర్త్ వెళ్లిపోయింది. టీచర్లు, నర్సులు, ఉద్యోగులు ఆస్ట్రేలియా బాట పట్టారు. 2024లో భూటాన్ రాజు స్వయంగా ఆస్ట్రేలియా వెళ్లి వాళ్లను కలిసి మాట్లాడారు. వాళ్లు తిరిగి రావాలనే దక్షిణాన గెలెఫూలో కొత్త నగరం తలపెట్టారు.

నేపాల్ వాళ్లు వెళ్లేది గల్ఫ్‌కు, మలేషియాకు. వాళ్లు పంపే డబ్బు ఆ దేశ ఆదాయంలో దాదాపు పావు వంతు. త్రిభువన్ విమానాశ్రయంలో ఆ లైన్ చూశాను. ఒకే రంగు టోపీలు, చేతిలో ప్లాస్టిక్ కవరులో పాస్‌పోర్టు, మెడలో బంతిపూల దండ. శంషాబాద్‌లో జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్ల లైన్ చూసినవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఏజెంటుకు కట్టిన అప్పు, దుబాయ్‌లో క్యాంపు గది, ఒక్కోసారి పెట్టెలో తిరిగిరావడం, అన్నీ అవే. 2025 సెప్టెంబరులో ఖాట్మండు వీధుల్లోకి వచ్చిన పిల్లల కోపం సోషల్ మీడియా నిషేధంతో అంటుకుంది గానీ, లోపల ఉన్నది అవినీతి మీద, ఊళ్లో పని దొరకకపోవడం మీద కోపం. 70 మందికి పైగా చనిపోయారు, ప్రధాని ఓలీ రాజీనామా చేశారు, సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధాని అయ్యారు.

కాబట్టి నా మాట సూటిగా: ఆసుపత్రి, బడి, అడవి చూస్తే భూటాన్. సంస్కృతి చూస్తే నేపాల్, ఎందుకంటే అక్కడ ఎవరి పండుగ వాళ్లు సొంత ఇష్టంతో చేసుకుంటారు. యువతకు పని ఇవ్వడంలో ఇద్దరికీ నేను మార్కులు వేయలేను.

ఇక వెళ్లేవాళ్లకు. రెండు చోట్లా వీసా అక్కర్లేదు, గుర్తింపుకు పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు చాలు, భూటాన్‌కు మాత్రం ప్రవేశ పర్మిట్ కూడా తీసుకోవాలి. ఆధార్‌ను నమ్ముకుని బయల్దేరకండి. భూటాన్‌లో మనకు రాత్రికి 1,200 రూపాయల రుసుము ఉంది, నేపాల్‌లో అలాంటిది లేదు. మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, భూటాన్ ఙుల్‌ట్రమ్ మన రూపాయితో సమానం. హైదరాబాద్ వైపు నుంచి రక్సౌల్‌కు నేరుగా రైలుంది, భూటాన్‌కైతే బాగ్‌డోగ్రా దాకా విమానం, అక్కడి నుంచి రోడ్డు. తిండిలో ఎమా దత్సి తప్పకుండా తినండి. మిరపకాయలే కూర, అందులో చీజ్. గుంటూరు వాళ్లు ఇంకో గిన్నె అడుగుతారు.

నేనైతే ఈసారి దశైన్‌కు నేపాల్ వెళ్తున్నాను. మన దసరా రోజుల్లోనే వస్తుంది. గల్ఫ్ నుంచి సెలవు దొరికినవాళ్లు ఊళ్లకు చేరతారు, పెద్దవాళ్లు పెరుగన్నంలో కుంకుమ కలిపినట్టుండే ఎర్రటి టీకా నుదుట దిద్దుతారు. గల్ఫ్ క్యాంపులో నేపాలీ స్నేహితులతో గది పంచుకున్నవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, వాళ్లది ఏ జిల్లానో కింద రాయండి. దారిలో పడితే ఆ ఊరికి కూడా వెళ్లొస్తాను.