ట్యాంకు డాలస్‌లో, మనం ఇండియాలో: రీఫ్ కంట్రోలర్ అమర్చుకోవడం గురించి

అందరికీ నమస్కారం.

ఈ గదిలో సగం మంది ఇళ్ళలో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు (కోరల్స్), చేపలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం ఉంది, మిగతా సగం పెట్టే ఆలోచనలో ఉన్నారు. మనందరికీ ఉన్న దిగులు ఒకటే. డిసెంబర్లోనో, పిల్లలకి సెలవులిచ్చాక జూన్లోనో మూడు నాలుగు వారాలు ఇండియా వెళ్తాం. చలికాలంలో ఇక్కడ రాత్రి రెండు గంటలైతే హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. హీటర్ మొరాయించిందని ఫోన్ మోగితే మనం మెలకువగానే ఉంటాం. కానీ మన ఇంటి తాళం ఉన్న పక్కింటివాళ్ళు మంచి నిద్రలో ఉంటారు. వాళ్ళు లేచి వచ్చేసరికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆ నాలుగైదు గంటలు కోరల్స్‌ని కాపాడడమే కంట్రోలర్, అంటే ట్యాంకు పరికరాలని కనిపెట్టి నడిపే చిన్న కంప్యూటర్, అసలు పని. కాబట్టి అందులో రాసే ప్రతి రూలూ "ఇది పాడైతే ఏమవుతుంది?" అన్న ప్రశ్నతో మొదలవ్వాలి. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే ఉంటుంది.

అపెక్స్, ప్రొఫిలక్స్, హైడ్రోస్, వీటిలో ఏది కొన్నా, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే ఓపెన్ సోర్స్ రీఫ్-పై సొంతంగా కట్టుకున్నా చేసే పని అదే. ప్రోబ్‌లు, అంటే నీళ్ళలో ముంచిన సెన్సార్లు, చదువుతుంది, ప్లగ్గులు ఆన్ ఆఫ్ చేస్తుంది, మనకి కబురు పెడుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి రీఫ్-పై వైపు మనసు లాగుతుంది. వద్దనను. కోడ్ మీరు రాసుకోండి, ప్లగ్గులని ఆన్ ఆఫ్ చేసే 120 వోల్టుల రిలే పెట్టె మాత్రం కరెంటు పని తెలిసినవాళ్ళ చేత కట్టించండి.

ముందు ఎక్కడ పెట్టాలో చూద్దాం. చాలామంది ట్యాంకు కింద క్యాబినెట్లో, సంప్ (ట్యాంకు నీళ్ళు దిగి మళ్ళీ పైకెళ్ళే కింది తొట్టి) పక్కనే బిగిస్తారు. అక్కడ ఎప్పుడూ చెమ్మే. ఉప్పు పొర తీగల వెంట పాకి ప్లగ్గుల్లోకి చేరుతుంది. పక్క గోడకి ఒక చెక్క బిగించి, దాని మీద అన్నీ అమర్చండి. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకెళ్ళాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, ప్లగ్గుదాకా పోదు. జీఎఫ్‌సీఐ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రక్షణ స్విచ్, ఉన్న ఔట్‌లెట్ తప్పనిసరి. అయితే మొత్తం ట్యాంకుని ఒకే జీఎఫ్‌సీఐ మీద పెడితే, ఒక హీటర్ పగిలి అది ట్రిప్ అయినప్పుడు పంపులు కూడా ఆగిపోతాయి. అందుకని కనీసం ఒక వేవ్‌మేకర్‌ని (ట్యాంకులో నీళ్ళని కదిలించే పంపుని) వేరే సర్క్యూట్ మీద, వేరే జీఎఫ్‌సీఐతో నడపండి.

ఇప్పుడు హీటర్. రీఫ్ ట్యాంకుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది ఇదే అని నా అభిప్రాయం. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మనకి కావలసింది 78 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సెల్సియస్‌లో దాదాపు 25.5. రూలు చూస్తే చాలా చిన్నది: 77.8 కంటే తగ్గితే ఆన్, 78.2 దాటితే ఆఫ్. ఆ రెండు అంకెల మధ్య ఎడం ఉండాలి, లేకపోతే రిలే నిమిషానికోసారి టకటకా కొట్టుకుని త్వరగా అరిగిపోతుంది. ఇంతవరకూ అందరూ చేస్తారు. ఇక్కడ మన ప్రశ్న వేసుకుందాం. హీటర్ లోపలి థర్మోస్టాట్ అతుక్కుపోయి ఆగకుండా కాలుతుంటే? కంట్రోలర్ ప్లగ్గు ఆపేస్తుంది, సరే. కంట్రోలర్ రిలేనే అతుక్కుపోతే? అప్పుడు హీటర్ సొంత థర్మోస్టాట్ ఆపాలి. కాబట్టి దాని డయల్‌ని 85కి తిప్పి వదిలేయకండి, 80 దగ్గర పెట్టండి. రోజువారీ పని కంట్రోలర్ చూసుకుంటుంది, అది తప్పితే డయల్ అడ్డుపడుతుంది.

ఎవరికీ తట్టనిది ఇంకొకటి ఉంది. ఉష్ణోగ్రత ప్రోబ్ సంప్‌లోంచి జారి బయట పడిందనుకోండి. రబ్బరు బుడిపె ఊడిపోయినా, సంప్ కడుగుతూ తీసి మళ్ళీ పెట్టడం మరిచిపోయినా ఇది జరుగుతుంది. గదిలో 70 డిగ్రీలుంటే ప్రోబ్ 70 అని చెబుతుంది. ట్యాంకు చల్లబడిపోయిందని కంట్రోలర్ హీటర్‌ని ఆన్‌లోనే ఉంచుతుంది. నీళ్ళు 84, 86 దాటుతున్నా ఫోన్లో కనిపించేది 70. ఇందులో ఏ పరికరమూ పాడవలేదు, అయినా కోరల్స్ తెల్లబడిపోతాయి. దీనికి విరుగుడు మళ్ళీ 80 దగ్గర పెట్టిన ఆ డయలే. రెండో ప్రోబ్ కూడా పెట్టి, రెండింటికీ మధ్య రెండు డిగ్రీల తేడా వస్తే అలారం మోగేలా చేసుకుంటే ఇంకా మంచిది.

అలాగే 300 వాట్ల హీటర్ ఒకటి కొనే బదులు 150వి రెండు కొనండి. ఒకటి ఆగకుండా కాలినా ట్యాంకుని ఉడికించేంత బలం దానికి ఉండదు. ఒకటి చచ్చిపోయినా రెండోది నెట్టుకొస్తుంది. ఇక ఫాల్‌బ్యాక్ సెట్టింగ్, అంటే ప్లగ్గుల బార్‌కి కంట్రోలర్‌తో సంబంధం తెగినప్పుడు ఆ ప్లగ్గు ఏ స్థితికి వెళ్ళాలన్నది. హీటర్‌కి నేను ఆఫ్ అనే చెబుతాను. మన ఇళ్ళలో హీటింగ్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ట్యాంకు మెల్లగా 72కి దిగుతుంది, కోరల్స్ కొన్ని రోజులు తట్టుకుంటాయి. వేడెక్కితే అంత టైమ్ ఇవ్వవు. సంప్ నీళ్ళని పైకి పంపే రిటర్న్ పంప్, వేవ్‌మేకర్లు ఆన్. ఏటీఓ, కెమికల్స్ పోసే డోసింగ్ పంపులు ఆఫ్.

ఏటీఓ అన్నాను కదా, ఆవిరైన నీళ్ళు నింపే పంప్. 75 గ్యాలన్ల ట్యాంకు నుంచి రోజుకి సుమారు ఒక గ్యాలన్ ఆవిరైపోతుంది. ఉప్పు ఆవిరవదు కాబట్టి మంచినీళ్ళే, అంటే ఆర్ఓడీఐ ఫిల్టర్‌తో వడగట్టిన నీళ్ళే పోయాలి. నీటిమట్టాన్ని బట్టి పైకీ కిందికీ కదిలే ఫ్లోట్ స్విచ్ మీద ఒక నత్త ఎక్కి కూర్చుంటే చాలు, నీటిమట్టం తగ్గిందనుకుని పంప్ పోస్తూనే ఉంటుంది. కాబట్టి నీళ్ళు ఎంత పోసినా నష్టం లేనంత చిన్న డబ్బా పెట్టండి. ట్యాంకు, సంప్ కలిపి 85 గ్యాలన్లు, డబ్బాలో 5 గ్యాలన్లు అనుకుందాం. మొత్తం పోసేసినా సాలినిటీ, అంటే ఉప్పుదనం, వెయ్యికి 35 పాళ్ళ నుంచి 33కి వస్తుంది. మంచిది కాదు, కానీ అన్నీ బతికే ఉంటాయి. సంప్‌లో ఆ 5 గ్యాలన్లకి చోటు ఉండాలి, అంతే. ఆర్ఓ గొట్టాన్ని నేరుగా సంప్‌కి కలిపి కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలనాయిడ్ వాల్వ్ మీద భరోసా పెట్టి ఇండియా వెళ్ళే పని మాత్రం దయచేసి చేయకండి. ఆ నీళ్ళకి అంతం లేదు, కింద ఉన్నది చెక్క ఫ్లోరు. కంట్రోలర్లో ఇంకో రూలు కూడా రాయండి: రోజూ రెండు నిమిషాలు నడిచే పంప్ ఒకే విడతలో ఐదు నిమిషాలు నడిస్తే ఆపి కబురు పెట్టాలి. ఏటీఓ నీళ్ళలో సున్నపు నీళ్ళు, అదే కాల్క్‌వాసర్, కలిపేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. దాని పీహెచ్ 12 పైమాటే. ఒకేసారి మొత్తం పడితే సాలినిటీ గురించి ఆలోచించే అవసరమే రాదు, ముందే అన్నీ చచ్చిపోతాయి.

మేత మోడ్ గురించి ఒక్కమాట. మేత వేసేందుకు రిటర్న్ పంప్ ఆపితే పై ట్యాంకులోని నీళ్ళు కొన్ని సంప్‌లోకి దిగుతాయి, మురికిని నురగగా తీసే స్కిమ్మర్ పొంగుతుంది. అందుకే రిటర్న్ తిరిగి మొదలయ్యాక పది నిమిషాలు ఆగి స్కిమ్మర్, ఏటీఓ మొదలవ్వాలి.

పీహెచ్ ప్రోబ్ చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాని చేతికి అధికారం ఇవ్వకండి. పీహెచ్ తగ్గింది కదా అని డోసింగ్ పంప్‌ని ఆన్ చేసే రూలు రాయొద్దు. లైట్లు ఆరాక కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది, పీహెచ్ పడుతుంది, పొద్దున మళ్ళీ లేస్తుంది. రోజుకి 0.2, 0.3 ఊగడం మామూలే. తలుపులన్నీ మూసిన ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుని నలభై మంది వచ్చిన రోజు గ్రాఫ్ చూడండి, సాయంత్రానికి 7.8 దగ్గరికి జారి ఉంటుంది. అది మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్. అప్పుడు కావలసింది ఒక కిటికీ తెరవడం, కెమికల్ పోయడం కాదు. పైగా ఈ ప్రోబ్ ఏడాది, ఏడాదిన్నరలో ముసలిదైపోయి తప్పు లెక్కలు చెబుతుంది. ఆల్కలినిటీ, అంటే పీహెచ్‌ని నిలబెట్టే క్షార గుణం, కొలవడానికి టెస్ట్ కిట్టో, తనంతట తానే పరీక్షించే ట్రైడెంట్ లాంటి యంత్రమో వాడండి. డోసింగ్‌కి గడియారం ప్రకారం నడిచే షెడ్యూల్ పెట్టి, రోజుకి ఇంతకు మించకూడదని గరిష్ఠ పరిమితి కట్టండి.

ఇక కరెంటు పోవడం. 2021 ఫిబ్రవరి మనలో ఎవరూ మరిచిపోలేరు. డాలస్‌లో మైనస్ 2 ఫారన్‌హీట్, చాలా ఇళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. ఎన్నో ట్యాంకులు పోయాయి. కరెంటు లేకపోతే కంట్రోలర్ వేడి పుట్టించలేదు. కానీ ఉన్న బ్యాటరీని దేనికి ఖర్చుపెట్టాలో ముందే చెప్పి ఉంచవచ్చు. లెక్క చూడండి. ఒక కిలోవాట్ అవర్ బ్యాటరీ 300 వాట్ల హీటర్లని మూడు గంటలు నడుపుతుంది. అదే 20 వాట్ల డీసీ వేవ్‌మేకర్‌ని నష్టాలు పోను దాదాపు నలభై గంటలు నడుపుతుంది. ముందు అయిపోయేది ఆక్సిజన్, చలి తర్వాత. నీళ్ళు కదిలితే చాలు, చేపలు బతుకుతాయి. ట్యాంకు చుట్టూ దుప్పట్లు కప్పితే వేడి కొంత నిలుస్తుంది.

ఆ బ్యాటరీ మీద కంట్రోలర్‌నీ, వైఫై రూటర్‌నీ కూడా పెట్టండి. రూటర్ ఆగిపోతే కబురు ఇల్లు దాటదు. కంట్రోలర్ కొంతసేపు క్లౌడ్‌కి కనిపించకపోతే అటునుంచే మనకి మెసేజ్ వచ్చే సదుపాయం చాలావాటిలో ఉంది, దాన్ని ఆన్ చేసుకోండి. ఫోన్ మోగే అలారాలు నాలుగే ఉండాలి: ఉష్ణోగ్రత 76 కింద, 81 పైన, నేల మీద నీళ్ళు, కంట్రోలర్ కనిపించకపోవడం. మిగతావన్నీ ఈమెయిల్‌కి. పీహెచ్ 7.9 అయిందని రోజూ మోగే ఫోన్‌ని మూడో రోజు సైలెంట్‌లో పెట్టేస్తాం.

ప్రయాణానికి ముందురోజు మాత్రం ఏమీ మార్చకండి. కనీసం రెండు వారాల ముందే అన్నీ బిగించి పరీక్షించండి. ఉష్ణోగ్రత ప్రోబ్‌ని వేడి నీళ్ళ కప్పులో ముంచండి. హీటర్ ఆగిందా, ఫోన్ మోగిందా? ఫ్లోట్ స్విచ్‌ని వేలితో నొక్కిపట్టి ఉంచండి. ఐదో నిమిషంలో పంప్ ఆగిందా? మెయిన్ ప్లగ్గు పీకేయండి. వేవ్‌మేకర్ తిరుగుతోందా? ప్రతి ప్లగ్గుకీ పెద్ద అక్షరాలతో పేరు అంటించండి. తాళం ఇచ్చిన వాళ్ళకి సాలినిటీ, ఆల్కలినిటీ ఏవీ చెప్పనవసరం లేదు. నేల తడిగా ఉంటే ఏ ప్లగ్గు పీకాలి, నీళ్ళు వేడిగా ఉంటే ఏ ప్లగ్గు పీకాలి, ఈ రెండూ ఒక కాగితం మీద రాసి ట్యాంకుకి అంటిస్తే చాలు.

ఇక చేతులతో చేసే పని: తెలిసిన ద్రావణాల్లో ముంచి ప్రోబ్‌లని సరిచూసుకోవడం. ఈ బల్ల మీద పీహెచ్ 7, 10 ద్రావణాలు ఉన్నాయి, సముద్రపు నీళ్ళ పీహెచ్ ఆ రెండింటి మధ్య ఉంటుంది కాబట్టి. సాలినిటీ ప్రోబ్‌కి 53 మిల్లీసీమెన్స్ (కరెంటుని పంపే గుణానికి కొలత) ద్రావణం ఉంది, ప్రోబ్‌కి బుడగ అంటుకుంటే లెక్క తప్పుతుంది, మెల్లగా తట్టి ముంచండి. ప్రోబ్ తెచ్చుకున్నవాళ్ళు ముందుకి రండి. రీడింగ్ కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఈలోగా మిగతావాళ్ళు ప్రశ్నలు అడగండి.